మన సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు విజయవాడలో మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. ఆనవాయితీ ప్రకారం ముందు ఆరోగ్య శిబిరాలు, తర్వాత వీసా సలహాలు, ఆఖర్న విహారయాత్ర రాయాలి. ఈసారి వరస తప్పుతున్నాను. శిబిరాలు రెండూ బాగానే జరిగాయి. బీపీ చూపించుకున్నవాళ్లకంటే ఉప్మా తిన్నవాళ్లే ఎక్కువ. విహారయాత్ర వానలకు వాయిదా పడి, చివరికి ఆగిపోయింది. డబ్బు లెక్కలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఇవి పోను, పిల్లల్ని అమెరికా పంపి ఇక్కడ మిగిలిన మనం ఏడాదంతా మాట్లాడుకున్నది తుపాకి గురించే.

ఎవరూ అనుకుని పెట్టుకున్న విషయం కాదిది. ఏప్రిల్ సమావేశంలో ఒక సభ్యుడు పేపరు మడత విప్పి ఒక వార్త చదివారు. మిషిగన్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్‌లో 2021 నవంబరు 30న పదిహేనేళ్ల కుర్రాడు బడిలో కాల్పులు జరిపి నలుగురు విద్యార్థులను చంపాడు. ఆ పిస్టల్ అంతకు నాలుగు రోజుల ముందు తండ్రి కొన్నది. 2024 ఏప్రిల్ 9న తండ్రికీ తల్లికీ కూడా పదేళ్లకు తక్కువ కాకుండా, పదిహేనేళ్ల వరకు జైలు వేశారు. బడి కాల్పుల కేసులో కన్నవాళ్లకు ఇలాంటి శిక్ష పడటం ఆ దేశంలో అదే మొదటిసారి. ఆ రోజు ఎజెండాలో ఉన్న వీసా సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మనలోనే లైసెన్సు తుపాకి ఉన్నాయన ఒకరున్నారని ఆ రోజే బయటపడింది. పటమట నుంచి వచ్చే పెద్దాయన దగ్గర తండ్రి నాటి డబుల్ బ్యారెల్ ఉంది. అప్పటికి మాత్రం ఇంట్లో లేదు. మార్చిలో ఎన్నికల కోడ్ రాగానే స్టేషన్‌లో అప్పగించారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అది పుట్టింటికి పోయినట్టు స్టేషన్‌కి పోతుందట. నిబంధనల్లో స్క్రీనింగ్ కమిటీ అని ఒకటుంది. బెయిలు మీద ఉన్నవాళ్లు, నేరచరిత్ర ఉన్నవాళ్లు, గొడవల్లో పాల్గొన్నవాళ్లు ఎవరెవరో చూసి ఆ కమిటీ తేల్చాలి. అందరినీ ఒకే గాటన కట్టేస్తున్నారని ఆయన బాధ. జూన్‌లో ఫలితాలొచ్చాక తుపాకి వెనక్కి తెచ్చుకోవడానికి ఒక ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో ఆయన చెబితే సగం మంది నవ్వారు, సగం మంది నవ్వలేదు. “డెబ్బై ఏళ్లొచ్చాయి. ఒక్క పిట్టని కొట్టలేదు. నన్నెందుకు అనుమానించాలి?” అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

జూన్‌లో మన లాయరు గారి చేత ప్రసంగం పెట్టించాం. ఆ నెలలోనే అమెరికా సుప్రీంకోర్టు రెండు తీర్పులిచ్చింది. 14న, బంప్ స్టాక్‌పై నిషేధాన్ని 6–3తో కొట్టేసింది. బంప్ స్టాక్ అంటే మామూలు రైఫిల్‌కు తగిలించే పరికరం. దాంతో తూటాలు దాదాపు మెషిన్‌గన్‌లాగా వెంటవెంటనే పేలతాయి. 2017లో లాస్ వేగస్ సంగీత కచేరీ మీద జరిగిన కాల్పుల్లో దాన్నే వాడారు. ఆ తర్వాత నిషేధం తెచ్చింది ట్రంప్ ప్రభుత్వమే. సరిగ్గా వారానికి, 21న, అదే కోర్టు 8–1తో ఇంకో మాట చెప్పింది. ఇంట్లోవాళ్లని కొట్టి, బెదిరించి, దగ్గరికి రాకూడదని కోర్టు ఉత్తర్వు ఉన్నవాడికి తుపాకి ఉండకూడదనే చట్టం చెల్లుతుందని. “ఇదేం కోర్టండీ, అటూ ఇటూ?” అని వెనక వరస నుంచి ఒకమ్మ అడిగారు. మొదటిది పాత చట్టంలో ‘మెషిన్‌గన్’ అన్న మాటకు అర్థం ఏమిటన్న పేచీ అని, రెండోది హక్కుకు హద్దు ఎక్కడన్న పేచీ అని లాయరు గారు విడమర్చారు.

ఆయన చెప్పిన అసలు సంగతి వేరే ఉంది. అమెరికాలో తుపాకి 1791 నాటి రెండో సవరణ ఇచ్చిన హక్కు. అది ఒక్కొక్క మనిషికీ ఉన్న హక్కని 2008లో కోర్టు తేల్చింది. మన దగ్గర తుపాకి అనుమతి. ఆత్మరక్షణకో పంట కాపలాకో అని కారణం చూపించాలి, పోలీసు విచారణ జరగాలి. బెజవాడలో అయితే పోలీస్ కమిషనర్, కమిషనరేట్ లేని జిల్లాలో కలెక్టర్ సంతకం పెట్టాలి. 2019 డిసెంబరు సవరణ తర్వాత ఒకరికి రెండుకు మించి ఉండకూడదు. అంతకుముందు మూడు ఉండేవి. బిల్లులో ముందు ఒక్కటే అని రాశారు, అభ్యంతరాలొచ్చాక రెండు చేశారు. పెళ్లి ఊరేగింపులో ఇష్టం వచ్చినట్టు గాల్లోకి పేల్చినా రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. (మన వైపు పెళ్లిళ్లలో డీజేతోనే చెవులు పోతున్నాయి కాబట్టి ఈ సెక్షన్ అవసరం పడదని అధ్యక్షులు అన్నారు.)

దీనికి పటమట పెద్దాయన గాంధీగారిని సాక్షిగా పిలిచారు. దేశం మొత్తాన్ని నిరాయుధం చేసిన చట్టాన్ని బ్రిటిష్‌వాళ్ల తప్పుల్లోకెల్లా నల్లటిదిగా చరిత్ర చూస్తుందని గాంధీగారే రాశారు కదా అని. నిజమే, రాశారు. అది వైస్రాయ్ లిట్టన్ కాలంలో, 1878లో వచ్చిన ఆయుధాల చట్టం గురించి. కాకపోతే ఆ మాట 1918లో జనాన్ని సైన్యంలో చేరమని వేసిన కరపత్రంలోది. ఆ సగం ఎవరూ చెప్పరు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడింది కూడా తుపాకుల కోసమే. పరాయి ప్రభుత్వం ఉన్నప్పటి న్యాయం అది. స్వతంత్రం వచ్చాక, 1948 డిసెంబరులో, ఆయుధాలు ఉంచుకునే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ సవరణ పెట్టారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు, సవరణ వీగిపోయింది. చివరికి రాజ్యాంగంలో మిగిలింది ‘శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా’ గుమికూడే హక్కు. మన సమావేశాలు ఎంత వేడెక్కినా శాంతియుతమే అనుకోండి. ఒకసారి బజ్జీల ప్లేటు కింద పడింది, అంతే.

జూలై 13న పెన్సిల్వేనియాలో ట్రంప్ మీద కాల్పులు జరిగాయి. ఆ ఆదివారం మనలో తుపాకి కావాలనేవాళ్లూ వద్దనేవాళ్లూ అదే సంఘటనను చెరో రకంగా వాడుకున్నాయి. కొత్త మాట ఒక్కటీ రాలేదు కాబట్టి వదిలేస్తున్నాను.

సెప్టెంబరు మాత్రం వదలలేను. ఒకటో తేదీ తెల్లారేసరికి బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచేసింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటాయి. మన సభ్యుల్లో ఆ వైపువాళ్లు మేడ మీద నీళ్లూ కరెంటూ లేకుండా రోజులు గడిపారు. పిల్లలు అక్కడ నిద్రలు మానేసి ఫోన్లు చేశారు, డబ్బు పంపారు. ఆ డబ్బుతో పాలు, నీళ్ల సీసాలు, దుప్పట్లు పంచాం. ఇంకా బురద కడుక్కుంటూ ఉండగానే 4వ తేదీన జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకి దగ్గర్లోని ఒక హైస్కూల్లో, ఇద్దరు పిల్లలూ ఇద్దరు టీచర్లూ తూటాలకు పోయారు. నిందితుడికి పద్నాలుగేళ్లు. ఆ రైఫిల్ తండ్రి క్రిస్మస్‌కి ఇచ్చిన బహుమతి అని పోలీసులు చెప్పి, మర్నాడు తండ్రినీ అరెస్టు చేశారు. అప్పటిదాకా ‘అమ్మా, నీళ్లు తగ్గాయా’ అని అడుగుతున్న పిల్లలకి ఇక్కడి నుంచి ‘బాబూ, బుజ్జిది బడికెళ్లిందా’ అని ఫోన్లు మొదలయ్యాయి. సింగ్‌నగర్ నుంచి వచ్చే వదినగారు ఆ మధ్య ఆరు నెలలు కూతురి దగ్గర ఉండి వచ్చారు. ఒకటో తరగతి చదివే మనవరాలు వంటింటి అల్మరాలో దూరి చప్పుడు చేయకుండా కూర్చుంటే దాగుడుమూతలు అనుకున్నారట. బడిలో నేర్పారని తర్వాత తెలిసింది. దుండగుడు వస్తే తలుపేసి, లైటు ఆర్పి, మాట్లాడకుండా ఉండటం ఎలాగో అక్కడ పిల్లలకి సాధన చేయిస్తారు. ఆవిడ ఇది చెప్పిన రోజు వాదన జరగలేదు.

అయితే తుపాకి కావాలనేవాళ్ల మాటను తేలిగ్గా తీసెయ్యకూడదు. మన సభ్యుల్లో ఒకరి అబ్బాయి టెక్సస్‌లో గ్యాస్ స్టేషన్, అంటే పెట్రోలు బంకు, నడుపుతాడు. హైవే పక్కన, రాత్రి షిఫ్టు, ఒక్కడే. పోలీసులు వచ్చేసరికి ఇరవై నిమిషాలు. “మీ అబ్బాయిలు ఆఫీసుల్లో కూర్చుంటారు కాబట్టి మీకు సిద్ధాంతాలు. మావాడి కౌంటర్ కింద పిస్టల్ ఉంటే నాకు నిద్ర పడుతుంది” అని ఆయన మొహం మీదే అన్నారు. ఇటుపక్క ఇంకొకరి కోడలు న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంది. అక్కడ తుపాకి కొనాలంటే ముందు పోలీసుల దగ్గర వేలిముద్రలిచ్చి కార్డు తీసుకోవాలి, పిస్టల్‌కి విడిగా పర్మిట్ కావాలి. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, చట్టం అడ్డు చెప్పని ఇరవై ఒక్కేళ్లు దాటినవాళ్లు లైసెన్సు లేకుండానే పిస్టల్ పెట్టుకు తిరగొచ్చు. ఒకే దేశం. మనం ‘అమెరికా చట్టం’ అంటూ అరుచుకున్నప్పుడల్లా ఎవరి రాష్ట్రం గురించి వాళ్లు మాట్లాడామని చాలా ఆలస్యంగా గ్రహించాం.

నవంబరులో వాదన దారి మారింది. హైదరాబాద్ ఉప్పల్‌కి చెందిన విద్యార్థి ఒకరు జార్జియాలో తన పుట్టినరోజున, కొత్తగా కొన్న తుపాకిని శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడని వార్తలొచ్చాయి. ‘చదువుకోవడానికి వెళ్లిన పిల్లాడికి తుపాకి ఎలా అమ్మారు?’ అన్నది అందరి ప్రశ్న. లాయరు గారు చూసి చెప్పారు. స్టూడెంట్ వీసా, హెచ్‌1బి వీసాల మీద ఉన్నవాళ్లకి అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకి ఉండకూడదు. కానీ ఒక మినహాయింపు ఉంది. వేట లైసెన్సు ఉంటే కొనొచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు. హాల్లో కూర్చున్నవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. తమ పిల్లల దగ్గర తుపాకి ఉందో లేదో కూడా కొంతమందికి తెలియదు. ఆ రాత్రి అడిగారు. ముగ్గురు సభ్యులకి ‘ఉంది నాన్నా, చెప్పలేదంతే’ అని జవాబొచ్చింది.

ఆ తర్వాత మనలోని రిటైర్డ్ డాక్టరమ్మ గారు మాట్లాడారు. 2021లో అమెరికాలో తుపాకులతో పోయినవాళ్లు 48,830 మంది. అందులో 26,328 మంది తమను తామే కాల్చుకున్నవాళ్లు, అంటే సగం కంటే ఎక్కువ. “దొంగ వస్తాడని కొంటాం. దొంగ రాని రాత్రులే ఎక్కువ. ఉద్యోగం పోయి, వీసా గడువు లెక్కపెట్టుకుంటూ ఒంటరిగా ఉన్న కుర్రాడి చేతికి అది అందేలా ఉండటం నాకు భయం” అన్నారు. అంతకుముందు జూన్‌లో అక్కడి ప్రభుత్వ ముఖ్య ఆరోగ్యాధికారి (సర్జన్ జనరల్) వివేక్ మూర్తి తుపాకి హింసను ప్రజారోగ్య సంక్షోభంగా ప్రకటించినప్పుడు మనలో కొందరు ‘డాక్టర్లకి ఇందులో ఏం పని’ అన్నారు. ఆవిడ మాట్లాడాక ఆ మాట మళ్లీ వినలేదు.

కఠిన చట్టాలకు మద్దతుగా తీర్మానం చేద్దామని జనవరిలో ప్రతిపాదన వచ్చింది. ఆస్ట్రేలియాలో 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది చనిపోయాక చట్టం మార్చి, ఆరు లక్షలకు పైగా తుపాకులను ప్రభుత్వమే కొని ధ్వంసం చేసిందని ప్రతిపాదించినవారు ఉదాహరణ చెప్పారు. గ్యాస్ స్టేషన్ తండ్రిగారు లేచి, తీర్మానం పాసైతే రాజీనామా అన్నారు. పటమట పెద్దాయన ఆయన పక్కన నిలబడ్డారు. ఓటింగ్ పెట్టలేదు. కార్యదర్శిగా ఆ నిర్ణయం నాది, కొందరికి కోపం వచ్చింది. నా సొంత అభిప్రాయం కఠిన చట్టం వైపే. 2017లో కాన్సస్‌లో ఒక బార్‌లో మన తెలుగు ఇంజినీర్‌ని ‘నా దేశం విడిచి పో’ అంటూ కాల్చినప్పటి నుంచీ అంతే. కానీ బెజవాడలో కూర్చుని మనం చేసే తీర్మానాన్ని వాషింగ్టన్‌లో ఎవరూ చదవరు. దాని కోసం ఇరవై ఏళ్ల స్నేహాన్ని పోగొట్టుకోవడం నాకు నచ్చలేదు.

దాని బదులు ఒక కాగితం తయారు చేశాం. రెండు పక్షాలూ కలిసి కూర్చుని రాసినది అదొక్కటే. తుపాకి ఇంట్లో ఉంటే తూటాలు తీసి, తాళం వేసి, తూటాలు వేరే చోట పెట్టమనండి అన్నది అందులో ముఖ్యమైన మాట. అది రాయించింది పటమట పెద్దాయనే. ఆయన ఇంట్లో యాభై ఏళ్లుగా అలాగే ఉంది. మనవలు ఆడుకోవడానికి ఎవరింటికి వెళ్తున్నా, ‘మీ ఇంట్లో తుపాకి ఉందా, తాళంలో ఉందా’ అని అడగడంలో సిగ్గుపడొద్దని ఉంది. వేరుశెనగ పడదని చెప్పినంత మామూలుగా అడగమని డాక్టరమ్మ గారు చేర్చారు. వేట లైసెన్సు సంగతి ఉంది. రాష్ట్రం మారితే కారులో తుపాకి తీసుకెళ్లే ముందు అక్కడి చట్టం చూసుకోమని ఉంది. ‘పిల్లాడు దిగులుగా ఉంటే ముందు తుపాకి ఇంటి నుంచి బయటికి, తర్వాత మిగతా మాటలు’ అన్న వాక్యం మీద గంటసేపు చర్చ జరిగి, ఉన్నదున్నట్టుగానే ఉంచాం.

మార్చి 26న అక్కడి సుప్రీంకోర్టు, విడిభాగాలు తెప్పించుకుని ఇంట్లో బిగించుకునే తుపాకుల కిట్లకు కూడా నంబరూ, కొనేవాళ్ల తనిఖీ ఉండాలన్న నిబంధనను 7–2తో నిలబెట్టింది. దాని మీద చర్చ ఏప్రిల్ సమావేశానికి వాయిదా వేశాం. లాయరు గారు సిద్ధమై వస్తానన్నారు, బజ్జీలు మాత్రం ఈసారి చర్చ అయ్యాకే.

కార్యవర్గం గడువు ఈ నెలతో అయిపోయింది. కార్యదర్శి పదవికి గ్యాస్ స్టేషన్ తండ్రిగారి పేరు నేనే ప్రతిపాదిస్తున్నాను. కాగితం ప్రతులు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. ఫొటో తీసి పిల్లలకి వాట్సాప్‌లో పంపేవాళ్లు రెండో పేజీ కూడా తీయండి. పోయినసారి అందరూ మొదటిదే పంపారు, తాళం సంగతి రెండో దాంట్లో ఉంది.

కార్యదర్శి