2025 వార్షిక నివేదిక: వెయ్యేండ్ల పరిపాలన గురించి కలిసి చదివిన ఏడాది

సభ్యులందరికీ ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు.

గత సర్వసభ్య సమావేశంలో ఈ ఏటి అధ్యయనానికి, క్రీస్తు వెయ్యేండ్ల పరిపాలన గురించి చెప్పే ప్రకటన గ్రంథం 20వ అధ్యాయం పెడదామన్నప్పుడు పెద్దల్లో కొందరు వెనకాడారు. మన సహవాసంలో లూథరన్లున్నారు, సహోదర సంఘస్థులున్నారు, సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం), కతోలిక, పెంతెకొస్తు, బైబిలు మిషను కుటుంబాలున్నాయి. దుప్పట్ల పంపిణీ అన్నా, ఐక్య క్రిస్మస్ అన్నా అందరం ఒక్కటే. క్రీస్తు రెండవ రాకడ మాటెత్తితే మాత్రం ఎవరి బోధ వారిది. ఉన్న ఐక్యతను ఎందుకు కదపడం అని వారు అడిగిన దాంట్లో న్యాయముంది. అయినా సభ ఒప్పుకుంది. ఈ ఏడాది మనం చేసిన పనులన్నిటిలో విలువైనది ఇదేనని నా నమ్మకం. అందుకే నివేదికలో ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను.

అధ్యయనానికి ఒకే ఒక్క నియమం పెట్టుకున్నాం. ఏ బోధనైనా దాన్ని నమ్మేవారే వివరించాలి, మిగతావారు ప్రశ్నలు అడగాలి. పక్క సంఘం నమ్మకాన్ని మనం చెప్పి మనమే కొట్టిపారేసే అలవాటుకు అక్కడితో తలుపు మూసేశాం.

మొదట సహోదర సంఘ పెద్ద ఒకరు గుడ్డ మీద గీసిన యుగాల పటం గోడకు తగిలించి మాట్లాడారు. 19వ అధ్యాయంలో తెల్లని గుర్రం మీద రాజు వస్తాడు, 20వ అధ్యాయంలో సాతాను బంధింపబడతాడు, హతసాక్షులు బ్రదికి క్రీస్తుతో వెయ్యి సంవత్సరాలు ఏలుతారు. వాక్యం ఏ వరుసలో ఉందో ఆ వరుసలోనే నమ్మాలి అన్నది ఆయన పట్టు. యెషయా 11లో తోడేలు గొర్రెపిల్ల దగ్గర వాసం చేసే కాలం ఇంకా రాలేదు కాబట్టి ఈ భూమి మీదే అది నెరవేరాలి అన్నారు. దానికి ముందు 1 థెస్సలొనీకయులు 4వ అధ్యాయం ప్రకారం సంఘం, అంటే విశ్వాసులు, ప్రభువును కలుసుకోవడానికి ఆకాశానికి ఎత్తబడుతుంది, తర్వాత ఏడేండ్ల శ్రమకాలం. ఆ ఏడేండ్లు ఎక్కడివంటే, దానియేలు 9లోని డెబ్బది వారాల్లో మిగిలిపోయిన చివరి వారం (ఆ లెక్కలో ఒక వారం అంటే ఏడేండ్లు).

ఈ చట్రాన్ని 1830ల్లో సహోదర సంఘాల తొలి నాయకుల్లో ఒకరైన జాన్ నెల్సన్ డార్బీ ఇంగ్లండు, ఐర్లండు దేశాల్లో బోధించారు. 1909లో అమెరికా బోధకుడు స్కోఫీల్డ్ వివరణలతో అచ్చయిన బైబిలు దాన్ని లోకమంతటికీ చేర్చింది. మన ప్రాంతపు కూటాల్లో వినే రాకడ ప్రసంగాల్లో చాలావాటికి వెన్నెముక అదే. అయితే భూమి మీద వెయ్యేండ్ల పరిపాలన అనే నిరీక్షణ దానికన్నా ఎంతో పాతది. 2వ శతాబ్దంలోనే తొలి సంఘ నాయకులైన పపియాస్, ఐరేనియస్ అలా నమ్మారు. ఐరేనియస్ మాత్రం సంఘం క్రీస్తు విరోధి చేతిలో శ్రమలు అనుభవిస్తుందనే రాశాడు. శ్రమలకు ముందే ఎత్తబడటం అన్న మాట ఆయన దగ్గర లేదు. ఈ సంగతి చెప్పినప్పుడు గదిలో కాసేపు గొడవ లాంటిదే జరిగింది. డార్బీ కాలంలోనే ఇంగ్లండులోని ప్లిమత్ సహోదర సంఘస్థుల్లో బెంజమిన్ విల్స్ న్యూటన్ ఇదే విషయంలో ఆయనతో విభేదించాడని సహోదర పెద్దగారే లేచి చెప్పాక సద్దుమణిగింది. తన పక్షానికి ఇబ్బంది కలిగించే సంగతిని తానే బయటపెట్టిన ఆ పెద్దరికానికి మనమంతా రుణపడి ఉన్నాం.

తర్వాత లూథరన్ అయ్యగారి వంతు. ఆయన ఉత్తర ఆఫ్రికాలో బిషప్పుగా ఉన్న ప్రాచీన బోధకుడు ఆగస్టీనుతో మొదలుపెట్టారు. ఆగస్టీను కూడా ఒకప్పుడు భూమి మీది వెయ్యేండ్లను నమ్మినవాడే. క్రీ.శ. 410లో రోము నగరం కొల్లగొట్టబడిన తర్వాతి సంవత్సరాల్లో 'దేవుని పట్టణం' రాస్తూ, దాని 20వ భాగంలో ఆ తలంపు మార్చుకున్నాడు. బలవంతుని బంధించకుండా అతని ఇంట్లో సామాను దోచలేరని మత్తయి 12లో యేసే చెప్పాడు గదా, ఆ బంధించడం ఆయన మొదటి రాకడలోనే జరిగింది. కాబట్టి వెయ్యేండ్లు అంటే సంఘకాలమంతా. ఆ అధ్యాయంలో చెప్పిన మొదటి పునరుత్థానం అంటే పాపంలో చచ్చిన ఆత్మ వాక్యం విని బ్రదకడం. కతోలిక సంఘమూ లూథరన్లూ మొత్తం మీద ఈ దారిలోనే నడిచారు.

1530 నాటి లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 17వ అంశం ఇంకా గట్టిగా మాట్లాడుతుంది. మృతులు లేవకముందే భక్తులు లోకరాజ్యాన్ని చేజిక్కించుకుని భక్తిహీనులను అణచివేస్తారన్న బోధను అది ఖండించింది. అంతకు ఐదేండ్ల ముందే జర్మనీలో థామస్ మ్యూంట్సర్ అంత్యదినాల పేరు చెప్పి రైతులను యుద్ధానికి నడిపించాడు, వేలమంది చచ్చిపోయారు. ఆ రక్తం ఆరకముందు రాసిన వాక్యమది. ఆ నేపథ్యం తెలియకుండా చదివితే కఠినంగానే వినిపిస్తుంది.

అందరికీ ఎక్కువ కాలం గుర్తుండేది ఆ తర్వాతి ప్రశ్నోత్తరాల సాయంత్రం అనుకుంటాను. పెంతెకొస్తు సంఘం నుంచి వచ్చే ఒక సోదరి అడిగారు: "అయ్యగారూ, ఒకే చోట రెండు పునరుత్థానాలు రాసి ఉంటే మొదటిది ఆత్మది, రెండోది శరీరానిది అని ఎలా అంటాం? రెండూ ఒకే రకంగా ఉండొద్దా?" ఆగస్టీనును కాదన్న పండితులు వేసిన ప్రశ్న కూడా ఇదే. అయ్యగారు యోహాను 5వ అధ్యాయం తీయమన్నారు. 25వ వచనంలో "ఇప్పుడే వచ్చియున్నది" అన్న గడియ, 28, 29 వచనాల్లో సమాధులలో ఉన్నవారు బయటికి వచ్చే గడియ. అక్కడా రెండే, ఒకటి ఆత్మకు, ఒకటి శరీరానికి. "అక్కడ 'ఇప్పుడే' అని ప్రభువే తేడా చూపించాడు, ఇక్కడ యోహాను చూపించలేదు గదండీ" అన్నారామె. అయ్యగారు వెంటనే జవాబివ్వలేదు. మంచి ప్రశ్న అని ఒప్పుకుని, తర్వాతి కూటానికి చదివి వచ్చారు. నేను లూథరన్ ఇంట్లో పుట్టినవాణ్ని, ఈ విషయంలో అయ్యగారి పక్షమే. అయినా ఆ ప్రశ్న బరువు ఇప్పటికీ తగ్గలేదు.

బైబిలు మిషను కుటుంబాలు పెండ్లికుమార్తె సంఘం (రాకడకు సిద్ధపడిన విశ్వాసులు) సిద్ధపాటు గురించి చెప్పారు. దేవదాసు అయ్యగారు లూథరన్ నేపథ్యం నుంచి వచ్చి 1938లో ఆ మిషను ప్రారంభించారు. రాకడకు ఆయత్తపడటం వారికి సిద్ధాంతం కన్నా ముందు ప్రార్థన, దినచర్య. ఒక అడ్వెంటిస్టు కుటుంబాన్ని కూడా అతిథులుగా పిలిచాం. వారి నమ్మకం విని చాలామంది ఆశ్చర్యపోయారు: వెయ్యేండ్లూ పరిశుద్ధులు పరలోకంలో ఉంటారు, భూమి పాడుపడి ఉంటుంది, సాతాను ఆ ఖాళీ భూమికే బంధింపబడి ఉంటాడు. సువార్త లోకమంతటా గెలిచాకనే ప్రభువు వస్తాడన్న బోధను నమ్మేవారు మనలో ఎవరూ లేరు కాబట్టి మన నియమం పక్కనపెట్టి, దాన్ని నమ్మిన 18వ శతాబ్దపు అమెరికా బోధకుడు జోనతాన్ ఎడ్వర్డ్స్ గురించి చదువుకున్నాం. 1914 యుద్ధం తర్వాత ఆ బోధ బాగా తగ్గిపోయింది. ఆవగింజ, పులిసిన పిండి ఉపమానాలను వాళ్లంత ధైర్యంగా నమ్మేవారు ఇప్పుడు తక్కువవడం నాకు లోటుగానే అనిపిస్తుంది.

సెప్టెంబరులో ఈ చదువు అక్కరకొచ్చింది. 23, 24 తేదీల్లో సంఘం ఎత్తబడుతుందని దక్షిణాఫ్రికా నుంచి ఒకరు చెప్పిన వీడియో ప్రపంచమంతా తిరిగి మన పిల్లల ఫోన్లలోకీ వచ్చింది. డిగ్రీ చదివే ఒక అమ్మాయి పరీక్ష ఫీజు కట్టాలా వద్దా అని తల్లిని అడిగిందట. యవ్వనస్థుల కూటాన్ని వెంటనే ఏర్పాటు చేశాం. అమెరికాలో విలియం మిల్లర్ అనే బాప్టిస్టు రైతు దానియేలు 8:14లోని 2,300 దినాలను సంవత్సరాలుగా లెక్కించిన సంగతి, ఆయన అనుచరులు 1844 అక్టోబరు 22న ఆకాశం వైపు చూస్తూ కూర్చున్న సంగతి, 2011 మే 21 అని అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ చెప్పిన సంగతి అన్నీ చెప్పాం. మత్తయి 24:36 కలిసి చదివాం. ఆ రోజు సహోదర పెద్దగారూ, లూథరన్ అయ్యగారూ, కతోలిక ఉపదేశి గారూ ఒకే బల్ల దగ్గర కూర్చుని పిల్లలకు ఒకే మాట చెప్పారు. పిల్లల భయాన్ని ఎవరూ వెక్కిరించలేదు. ప్రభువు రేపే రావచ్చు అని నమ్మే పిల్లల్ని నవ్వులపాలు చేయడం కన్నా పెద్ద తప్పు ఇంకోటి లేదు. తేదీ చెప్పేవాడిదే తప్పు.

ఇంకో సంగతి ప్రత్యేకంగా రాయాలి. మన గోదావరి డెల్టాకు సహోదర మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు 1836లో బయల్దేరి వచ్చారు. నరసాపురంలో ఆ పని వేళ్లూనింది. వారిని వెంటబెట్టుకొచ్చిన ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో పంటి వైద్యుడు. బాగ్దాదులో మిషనరీగా పనిచేసి, తర్వాత మన దేశానికి వచ్చాడు. 1836 మార్చిలో, ఇంగ్లండు విడిచి తిరిగి భారతదేశానికి వచ్చేముందు, ఆయన డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. ఇతర సంఘాల తప్పుల గురించి సాక్ష్యం చెప్పడమే మీకు ముఖ్యమైపోతోంది, మొదట మనల్ని కలిపింది క్రీస్తులోని జీవం గాని తప్పుల విషయంలో ఏకాభిప్రాయం కాదు అన్నది దాని సారం. వారిలో ఉన్న మంచికి దూరమవడం కన్నా వారి చెడును భరించడమే తనకు వెయ్యిరెట్లు మేలు అన్న అర్థం వచ్చేలా రాశాడు. ఆ ఉత్తరాన్ని తెలుగులో చెప్పుకుని చదివిన రోజు, మన ప్రాంతానికి సువార్త తెచ్చినవారి వెనక ఇంత విశాలమైన మనసు ఉందా అని సహోదర సంఘస్థులే ఎక్కువ కదిలిపోయారు. పెద్దలు అనుమతిస్తే దాని తెలుగు ప్రతిని అచ్చువేసి ప్రతి సంఘానికీ పంపాలని కోరుతున్నాను.

2వ శతాబ్దపు జస్టిన్‌ను కూడా మన పాస్టర్లు ఒకసారి చదవాలి. 'ట్రైఫోతో సంభాషణ' అనే తన పుస్తకంలో, బాగుచేయబడిన యెరూషలేములో వెయ్యేండ్లు ఉంటాయని తాను గట్టిగా నమ్ముతున్నానంటూనే, నిర్మలమైన భక్తిగల క్రైస్తవులు అనేకులు అలా అనుకోరని అదే చోట ఒప్పుకున్నాడు. అతను హతసాక్షి. రాకడ వరుస తెలియనివాడు రక్షణలో లేడు అని వేదిక మీద నుంచి అరిచే ప్రసంగాలు ఈ ఏడు కూడా మనం విన్నాం. అవి ఆగాలి.

సంఘ విశ్వాస ప్రమాణాన్ని రూపొందించిన నైసియా మహాసభకు (క్రీ.శ. 325) ఈ ఏడాదితో 1,700 ఏండ్లు నిండాయి. క్రీస్తు రాజు పండుగను పదకొండవ పయస్ పాపుగారు 1925లో స్థాపించారు గనుక దానికి వందేండ్లు. రెండింటినీ కలిపి నవంబరు 23న, ఆ పండుగ రోజు సాయంత్రం, ఐక్య ఆరాధన జరిపాం. "ఆయన రాజ్యమునకు అంతము లేదు" అన్న మాట 325 నాటి విశ్వాస ప్రమాణంలో లేదు, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో చేరింది. తండ్రికి రాజ్యం అప్పగించాక క్రీస్తు ఏలుబడి ముగుస్తుందని అంకిరా బిషప్పు మార్సెల్లస్ బోధిస్తున్నాడని, లూకా 1:33లో దూత పలికిన మాటను సంఘం జవాబుగా నిలిపింది. వెయ్యేండ్ల తర్వాత ఏమిటి అన్న ప్రశ్న విషయంలో ఆ రోజు గదిలో ఉన్న ఏ ఇద్దరికీ భేదం లేదు. సహోదర సంఘాల్లో విశ్వాస ప్రమాణం పఠించే ఆచారం లేకపోయినా, ఆ ఒక్క వాక్యం దగ్గర వాళ్లూ గొంతు కలిపారు.

మిగతా పనులు క్లుప్తంగా. నవంబరు 2న సమాధుల పండుగకు ముందు సమాధుల తోట శుభ్రం చేయించి, దారి పొడవునా దీపాలు పెట్టించాం. వైద్య శిబిరం, పేద పిల్లలకు పుస్తకాలు, ఐక్య క్రిస్మస్ ఎప్పటిలాగే జరిగాయి. స్త్రీల సమాజం వారు వంటల బాధ్యతంతా మోశారు, వారికి కృతజ్ఞతలు. జమాఖర్చుల పట్టిక ఆడిటరు సంతకంతో విడిగా జతచేశాం.

రానున్న ఏడాదికి రోమా పత్రిక 9 నుంచి 11 అధ్యాయాలు ప్రతిపాదిస్తున్నాం. ఇశ్రాయేలు, సంఘం ఒకటా వేరా అన్న ప్రశ్న తేలకుండా వెయ్యేండ్ల చర్చ ముందుకు సాగదని ఈ ఏడాది అందరికీ అర్థమైంది. దీంతోపాటు ఒక తీర్మానాన్ని సభ ముందుంచుతున్నాం: మన వేదిక మీద గాని, మన వాట్సాప్ గ్రూపులో గాని రాకడకు తేదీలు ప్రకటించే ప్రసంగాలకు, వీడియోలకు చోటు ఉండకూడదు. కార్యవర్గంలో అన్ని సంఘాలవారూ దీనికి సంతకం చేశారు. సభ్యులు చర్చించి ఆమోదించవలసిందిగా మనవి.

ప్రభువు సేవలో,
కార్యదర్శి