వించ్ బాగానే ఉంది, మీరు బిగించిన ప్లేటే వంగిపోయింది

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారమండి. మే నెలలో ఆటోనగర్‌లో ఉన్న మీ ఫిట్టింగ్ సెంటర్లో నా థార్ జీపుకి వించ్, అంటే దిగబడిన బండిని రోప్‌తో బయటికి లాగే మోటారు, 9500 పౌండ్ల దాకా లాగేది కొని బిగించుకున్నాను. వించ్‌కి 46,500, దాన్ని బండికి పట్టి ఉంచే ప్లేటు, ఫిట్టింగు, వైరింగు అన్నీ కలిపి ఇంకో 14,000, మొత్తం 60,500 రూపాయలు కట్టాను, బిల్లు ఉంది. జూలైలో మొదటిసారి నిజంగా అవసరం పడిన రోజే ప్లేటు పైకి వంగిపోయి రెండు బోల్టులు తెగిపోయాయి. ఫోన్ చేస్తే మెయిల్ పెట్టమన్నారు, మెయిల్ పెడితే పదకొండు రోజులకి రెండు లైన్ల జవాబు వచ్చింది, ఓవర్‌లోడ్ వల్ల జరిగింది, కస్టమర్ వాడకంలో తప్పు, వారంటీలోకి రాదు అని. ఆ ఓవర్‌లోడ్ అన్న మాట తప్పని లెక్కతో సహా చెప్పడానికే ఈ లెటర్ రాస్తున్నాను, కొంచెం పెద్దదే అవుతుంది, దయచేసి చివరిదాకా చదవండి.

ముందు ఒక మాట, నేనేదో షోకు కోసం వించ్ పెట్టించుకున్నవాడిని కాదు. పని మీద నెలకి రెండు మూడు సార్లు అనంతగిరి, పాడేరు, చింతపల్లి వైపు తిరుగుతాను, వానాకాలం ఆ లోపలి రోడ్లు ఎలా ఉంటాయో విశాఖలో ఉన్న మీకు నేను చెప్పక్కర్లేదు. ఏది కొనాలా అని ఆరు నెలలు చూసుకున్నాను. బండి, మనుషులు, సామాను అన్నీ కలిపిన బరువుకి కనీసం ఒకటిన్నర రెట్లు లాగే వించ్ ఉండాలంటారు కదా, నా బండి నిండా ఎక్కితే 2200 కిలోలు అనుకున్నా 3300 కిలోలు కావాలి, అంటే దగ్గరదగ్గర 7300 పౌండ్లు, అందుకే 9500 చాలనుకున్నాను, అది 4300 కిలోలు. మీ కౌంటర్లో కుర్రాడు 12000 తీసుకోండి సార్ పెద్దదైతే మంచిదే కదా అన్నాడు, వద్దన్నాను, ముందు యాక్సిల్ మీద ఊరికే బరువు పెరుగుతుంది, అది లాగే కరెంటుకి నా బ్యాటరీ చాలదు అని. అంటే ఎంచుకోవడం దగ్గర తప్పేం జరగలేదు, అది నేనే ఒప్పుకుంటున్నాను. వించ్ మోటారు మీద, గేర్ల మీద నాకు ఏ కంప్లైంటూ లేదు, ఇవాళ్టికీ బాగా తిరుగుతోంది.

రోప్ కూడా స్టీల్‌ది వద్దని సింథటిక్ అడిగి తీసుకున్నాను. మా ఇల్లు ఎంవీపీ కాలనీలో, సముద్రం గాలికి మా గేటు రెండేళ్లకే తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడుతుంది, స్టీల్ రోప్ ఎన్నాళ్లుంటుంది. పైగా స్టీల్ తెగితే కొరడాలా కొడుతుంది, సింథటిక్ బరువు తక్కువ కాబట్టి ఆ ప్రమాదం తక్కువ. దానికి ఎండ పడదు, వేడి పడదు, ఇసుక పడదు అని కూడా తెలుసుకుని పాత రెయిన్‌కోట్ గుడ్డతో కవర్ కుట్టించాను. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే వస్తువుని ఎలా చూసుకోవాలో తెలియనివాడు పాడు చేసుకున్నట్టు మీ మెయిల్లో రాశారు కాబట్టి.

బిగించిన రోజు సంగతి. ముందు పెద్ద ఇనప బంపర్ వద్దని నేనే చెప్పాను, 2017 డిసెంబర్‌లో రోడ్డు రవాణా శాఖ క్రాష్ గార్డులు, బుల్ బార్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధం, చర్య తీసుకోండి అని రాష్ట్రాలకి రాసిన సంగతి తెలుసు, ఆ గొడవ నాకు వద్దు. కంపెనీ బంపర్ వెనకాలే కనపడకుండా ప్లేటు పెడతామన్నారు, సరే అన్నాను. కొటేషన్‌లో 6 ఎంఎం ప్లేటు, ఛాసిస్‌కి (బండి కింది ఇనప ఫ్రేముకి) బిగింపు, హై టెన్సైల్ (ఎక్కువ లాగుడు తట్టుకునే) బోల్టులు అని స్పష్టంగా రాసిచ్చారు. పని జరుగుతున్నంతసేపూ నన్ను లోపలికి రానివ్వలేదు, సేఫ్టీ రూల్ అన్నారు, గాజు అవతల కూర్చుని టీ తాగాను. సాయంత్రం బంపర్ మూసేసి ఇచ్చారు, లోపల ఏముందో చూసే దారి లేదు.

జూలై రెండో ఆదివారం బొర్రా దాటాక కటికి వైపు మట్టి రోడ్డులో వెళ్తుంటే ఎడమ పక్క గట్టు జారి రెండు చక్రాలు బురదలో దిగబడిపోయాయి, యాక్సిల్ దాకా. బండిలో నేను, మా బావమరిది, మా ఆవిడ, పాప. ముందు మా ఆవిడనీ పాపనీ దింపి వెనక్కి, రోప్ సాగే వరసకి బాగా పక్కకి పంపించేశాను. మా నాన్న షిప్‌యార్డ్‌లో రోప్‌లతో బరువులు ఎత్తే రిగ్గర్‌గా చేసి రిటైర్ అయ్యారు, టెన్షన్‌లో ఉన్న రోప్‌ని దాటకూడదు, దాని వరసలో నిలబడకూడదు, ఎవరైనా నిలబడితే పని ఆపెయ్యాలి అన్నది మా ఇంట్లో చిన్నప్పటినుంచి వింటున్న మాట. ముందున్న పనస చెట్టుకి వెడల్పు బెల్టు చుట్టి షాకిల్ (ఇనప లంకె) వేసి హుక్ తగిలించాను, రోప్ మీద తడి గోనె సంచి వేశాను, బానెట్ ఎత్తి పెట్టాను, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచాను. బావమరిది రిమోట్ పట్టుకుని డ్రైవర్ డోర్ వెనకాల నిలబడి ఆగి ఆగి నొక్కాడు. మాన్యువల్లో ఎలా ఉందో అలాగే.

ఒక మీటరు దాకా బండి కదిలింది. తర్వాత టక్ మని ఒక చప్పుడు, వెంటనే ఇంకోటి. బంపర్ మధ్యలో ప్లాస్టిక్ ఉబ్బినట్టు ముందుకి వచ్చింది. వాడు రిమోట్ వదిలేశాడు. దగ్గరికెళ్లి టార్చ్ వేసి చూస్తే వించ్ వెనకవైపు లేచి ముక్కు మీద పడినట్టు వాలిపోయి ఉంది, వెనక రెండు బోల్టులు లేవు, ముందు రెండు బోల్టుల మీద వేలాడుతోంది, రోప్‌ని తిన్నగా నడిపించే ఫెయిర్‌లీడ్ నోట్లోంచి రాకుండా రోప్ ప్లేటు అంచుకి రాసుకుని పోగులు సగం తెగిపోయి దూది పింజల్లా లేచి ఉన్నాయి. ఇంకో పది సెకన్లు నొక్కి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదండి. దాదాపు 30 కిలోల ఇనుము, సాగదీసిన రోప్‌కి కట్టి ఉంది. డోర్ వెనకాల మా బావమరిది ఉన్నాడు, వాడికి ఆరు నెలల కొడుకున్నాడు.

గంటన్నర తర్వాత ట్రాక్టర్ వచ్చింది, ఆ పెద్దాయన ఏటి బాబూ ఇంత బండేసుకొచ్చి ఇలా దిగబడిపోనారు అని నవ్వి, గొలుసేసి పది నిమిషాల్లో లాగేశాడు. 1500 ఇచ్చాను. 60,500 పెట్టి చేయించుకున్నది చేయలేని పని.

మర్నాడు బంపర్ విప్పించాను, మీ దగ్గర కాదు, వేరే చోట, ఫోటోలు తీస్తూ. ప్లేటు మందం వెర్నియర్ పెట్టి కొలిస్తే 3 ఎంఎం. కొటేషన్లో 6. వించ్ కాళ్లకి వేసిన నాలుగు కన్నాలూ డ్రిల్ వేసినవి కాదు, గ్యాస్ కటింగ్‌తో కాల్చినవి, గుండ్రంగా కూడా లేవు, కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి, చుట్టూ కరిగి గడ్డకట్టిన ఇనుము అలాగే ఉంది, గ్రైండ్ కూడా చేయలేదు. కింద పలచటి చిన్న వాషర్ వేశారు, అది కన్నంలోకి దిగబడి గిన్నెలా అయిపోయింది. ప్లేటు ఛాసిస్ పట్టీలకి కాదు, బంపర్‌ని మోసే బ్రాకెట్లకి బిగించారు. ఆ బ్రాకెట్లు ఉన్నదే గుద్దితే నలగడానికి, అవి లాగుడు కోసం చేసినవి కావు, మీకు తెలియనిది కాదు.

ఇక బోల్టులు. మా నాన్నకి చూపించాను, తెగిన ముక్క చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి ఒకటే అడిగారు, దీని తల మీద నంబరేదిరా అని. లేదు. నాలుగింటిలో ఒక్కదాని మీదా లేదు. హై టెన్సైల్ బోల్టు అయితే తల మీద 8.8 అని గుద్ది ఉండాలి, అందులో మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్ల దాకా తెగకుండా నిలుస్తుందని, రెండో 8 అంటే అందులో 80 శాతం దాకా సాగిపోకుండా ఉంటుందని. మామూలు 4.6 బోల్టు అయితే 400, అంటే సగం. ఎం10 సైజులో, అంటే పది ఎంఎం లావుది, 8.8 బోల్టు ఒక్కటి తిన్నగా లాగితే నాలుగున్నర టన్నుల దాకా తట్టుకుంటుంది, 4.6 అయితే రెండు టన్నుల పైన కొంచెం, అడ్డంగా కోత పడితే ఇంకా తక్కువ. నంబరే లేనిదానికి ఆ పాటి గ్యారంటీ కూడా లేదు. ఆటోనగర్‌లోనే అడిగాను, నాలుగు 8.8 బోల్టులు నట్లు వాషర్లతో సహా రెండొందల లోపే. 60 వేల పనిలో మీవాళ్లు మిగుల్చుకున్నది ఆ వంద రూపాయలా?

ఇప్పుడు మీరన్న ఓవర్‌లోడ్ సంగతికి వస్తాను. వించ్ మీద రాసిన 9500 అనేది రోప్ చుట్టుకునే డ్రమ్ము మీద మొదటి పొర రోప్‌తో లాగినప్పుడు మాత్రమే, పొర మీద పొర ఉన్నకొద్దీ లాగుడు తగ్గుతుంది, మీరు డబ్బాలో పెట్టిచ్చిన మాన్యువల్లోనే టేబుల్ ఉంది. నా రోప్ 28 మీటర్లు, చెట్టు దగ్గరలో ఉండటం వల్ల ఆ రోజు బయటికి వచ్చింది తొమ్మిది మీటర్లే, మిగతాదంతా డ్రమ్ము మీదే, అంటే మూడో పొర నడుస్తోంది. మీ టేబుల్ ప్రకారం మూడో పొర మీద ఆ వించ్ ప్రాణం పెట్టి లాగినా 6500 పౌండ్లు, 2950 కిలోలు. అంతకంటే లాగే శక్తి దానికి లేదు, మోటారు ఆగిపోతుంది, కానీ ఆ రోజు మోటారు ఆగలేదు, బండి కదిలింది కూడా. యాక్సిల్ దాకా బురదలో ఉన్న బండికి దాని బరువంత లాగుడు పడుతుందనుకున్నా రెండు టన్నులు. అంటే 4300 కిలోలకి అని మీరమ్మిన వించ్ కింద, మూడు టన్నులు కూడా పడకుండానే మీ ప్లేటు వంగింది. నేను నిజంగా ఓవర్‌లోడ్ చేయాలనుకున్నా ఆ రోజు చేయగలిగే వీల్లేదండి. మీ ఇంజినీర్ ఎవరైనా ఉంటే ఈ లెక్క ఆయన ముందు పెట్టండి, తప్పుంటే చెప్పండి, ఒప్పుకుంటాను.

వైరింగ్ గురించి పొడవుగా రాయను. ఫుల్ లోడ్ మీద 400 ఆంపియర్ల దాకా లాగే మోటారుకి ఎర్త్ వైరు బ్యాటరీకి తేకుండా బాడీ బోల్టుకి తగిలించారు, పెయింట్ కూడా గీకలేదు, మధ్యలో కరెంటు ఆపే ఐసొలేటర్ స్విచ్ లేదు. ఆ చోట వైరు తొడుగు మెత్తబడి నల్లబడింది. దానికి వేరే ఫోటో పంపుతున్నాను.

నాకేం కావాలో రాస్తున్నాను. ప్లేటు, ఫిట్టింగు, వైరింగుకి తీసుకున్న 14,000 వెనక్కి ఇవ్వండి, తెగిన రోప్ బదులు కొత్తది ఇవ్వండి. మళ్లీ మీరే బిగిస్తామంటే నాకు వద్దు, వేరే చోట 8 ఎంఎం ప్లేటు డ్రిల్ వేయించి ఛాసిస్‌కి పెట్టించుకుంటున్నాను, ఈసారి పక్కనే నిలబడి చూస్తాను. వాడకంలో తప్పు అన్న మాట రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి. అన్నిటికంటే ముందు ఇంకోటి, నా బండికి పని చేసిన ఆ టీమే ఈ వేసవిలో ఇంకెన్ని బండ్లకి ఇలాగే బిగించిందో మీ బిల్లు పుస్తకంలో ఉంటుంది, వాళ్లందరికీ ఫోన్ చేసి పిలిపించి బంపర్ విప్పి చూడండి. డబ్బు విషయంలో నాలుగు రోజులు ఆలస్యమైనా ఆగుతాను, ఈ విషయంలో ఆగలేను. ఇవి వానలు పడే రోజులు, వాళ్లు కూడా నాలాగే ఏదో గట్టు కింద మొదటిసారి రిమోట్ నొక్కుతారు, పక్కన వాళ్ల పిల్లలు ఉంటారు.

2014లో హుద్‌హుద్ వచ్చిన మర్నాడు మా వీధిలో పడిన చెట్లు తీయడానికి ఒకాయన పాత జీపుకి ఉన్న వించ్‌తో సాయంత్రం దాకా లాగాడు, ఆ రోజు చూసినప్పటినుంచి నాకూ ఒకటి ఉండాలని కోరిక. తొమ్మిదేళ్లు కాదు, పదేళ్ల పైనే దాచుకున్న కోరికండి ఇది, మీ దగ్గరికి ఊరికే రాలేదు, నలుగురిని అడిగి నమ్మకంతో వచ్చాను.

ఈ లెటర్ అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద విశాఖపట్నం జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. బిల్లు, కొటేషన్, మాన్యువల్ టేబుల్ కాపీ, ఇరవై రెండు ఫోటోలు దీనితో జతచేశాను. వంగిన ప్లేటు, తెగిన రెండు బోల్టులు, వాషర్లు మాత్రం పంపను, అవి మా ఇంట్లో నాన్న మంచం కింద గోనె సంచిలో ఉన్నాయి. మీ మనిషిని వెర్నియర్ ఇచ్చి పంపండి, ఏ ఆదివారమైనా సరే, ముందు రోజు ఒక ఫోన్ చేస్తే నేను ఇంట్లోనే ఉంటాను, నాన్న కూడా ఉంటారు.

ఇట్లు,
మీ కస్టమర్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం