నాన్నకు, కారు మీద గీత గురించి

నాన్నా,

మొన్న వీడియో కాల్లో నా వెనకాల ఉన్న కారు చూసి "ఆ డోర్ మీద ఏమిట్రా, దారం అతుక్కుందా?" అని అడిగారు. "ఏదో చిన్న గీతలెండి" అని మాట మార్చేశాను. అది చిన్న గీత కాదు. ముందు డోర్ దగ్గర మొదలై, వెనక డోర్ దాటి, వెనక చక్రం పై నుంచి బంపర్ దాకా వెళ్లింది. ఎవరో కావాలని గీశారు. అప్పుడే చెబితే మీకూ అమ్మకూ నిద్ర ఉండదని చెప్పలేదు. ఇప్పుడు పని అయిపోయింది కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఫోన్లో అయితే మీరు మధ్యలో పది ప్రశ్నలు వేసి నన్ను దారి మళ్లిస్తారు. అమ్మకు మీరే వీలు చూసుకుని చెప్పండి.

నేను ఎక్కే వైపు కాదు, అవతలి వైపు. అందుకే ఏ రోజు జరిగిందో కూడా కచ్చితంగా చెప్పలేను. ఒక ఉదయం సంచీ వెనక సీట్లో పెడదామని అటు వెళ్లాను, అప్పుడు కనబడింది. మొదటి రెండు రోజులు గీత కన్నా వేరే ఆలోచనే ఎక్కువ నలిపేసింది. నా మీద ఎవరికి కోపం? పార్కింగ్ విషయంలో ఎవరితోనైనా మాట జారానా? ఊరు కాని ఊళ్లో ఉన్నాం కదా, మనసు వంకర దారుల్లోనే పోతుంది. మూడో రోజు పక్కింటాయన పిలిచి తన కారు చూపించాడు. అదే ఎత్తులో అదే గీత. వరసలో మొత్తం నాలుగు కార్లు. నడిచి వెళ్తున్నవాడు చెయ్యి చాచి గీసుకుంటూ పోయాడు, అంతే. నలుగురి కార్లూ పాడయ్యాయని తెలిశాక నాకు హాయిగా నిద్ర పట్టింది. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

ఎవరో దొరికారా అని అడుగుతారు. దొరకలేదు. కెమెరా గేటు వైపు చూస్తోంది, కార్ల వైపు కాదు. ఏదీ తుడవకముందే ఫొటోలు తీసి పోలీసు కంప్లైంట్ ఇచ్చాను. నా ఇన్సూరెన్స్‌లో ఇలాంటి నష్టం కూడా కవర్ అవుతుంది. కాకపోతే ప్రతి క్లెయిమ్‌లో మొదటి భాగం మనమే పెట్టుకోవాలి. ఒక్క డోర్ పని అయితే ఆ భాగమూ మొత్తం ఖర్చూ దాదాపు ఒకటే. పైగా క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది ప్రీమియం పెరగొచ్చు. అందుకే క్లెయిమ్ వేయలేదు.

ఇక అసలు సంగతి. కారు రంగు అని మనం అనుకునేది ఒక్క పొర కాదు నాన్నా. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద రంగు పట్టుకోవడానికి వేసే ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటి మీదా గాజులాంటి క్లియర్ కోట్. మెరుపంతా ఆ క్లియర్‌దే. నాలుగూ కలిపి చాలా కార్లకు 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే రెండు వెంట్రుకల మందంలోనే మొత్తం వ్యవహారం. గీత ఆ రెండు వెంట్రుకల్లో ఎంత లోతుకు దిగిందన్నదాన్ని బట్టే ఏం చెయ్యాలో తేలుతుంది.

చూసే పద్ధతి సులువు. ముందు కారును శుభ్రంగా కడగాలి. గీత అనుకున్నవాటిలో కొన్ని కడిగాక మురికిగా తేలతాయి. తర్వాత గీత మీద నీళ్లు చల్లాలి. తడి మీద గీత మాయమై, ఆరాక మళ్లీ కనిపిస్తే దెబ్బ క్లియర్‌లోనే ఆగినట్టు. తర్వాత గోరు అడ్డంగా లాగాలి. గోరు జారిపోతే పాలిష్‌తో పోతుంది, తట్టుకుంటే అంత తేలిగ్గా పోదు. గీత అడుగున బూడిద రంగు కనిపిస్తే ప్రైమర్ దాకా, మెరుస్తూ లోహం కనిపిస్తే రేకు దాకా దిగిందన్నమాట. రేకు కనిపించాక ఆలస్యం చేస్తే తడి తగిలి తుప్పు మొదలై పక్కనున్న మంచి రంగు కిందికి పాకుతుంది.

నా కారు మీద గీతను ఇలా చూస్తూ పోతే గీసినవాడి చెయ్యే కనబడింది. ముందు డోర్ మీద భయం భయంగా, తేలిగ్గా. వెనక డోర్ హ్యాండిల్ దగ్గరికొచ్చేసరికి ధైర్యం వచ్చి గట్టిగా నొక్కాడు. చక్రం పైన వేలెడంత మేర రేకు తేలింది. బంపర్ మీద ఊరికే ఒక తోక.

ఇదంతా నాకు తర్వాత తెలిసిన జ్ఞానం. మొదటి శనివారం కోపంలో ఏం చేశానో వినండి. నీటిలో తడిపి రుద్దే వాటర్ పేపర్, 1500 నంబరుది, తెచ్చి వెనక డోర్ మీద మొదలుపెట్టాను. పేపర్ కింద వచ్చే నీళ్లు తెల్లగా పాలలా ఉన్నంతసేపూ పోతున్నది క్లియర్. అది నాకు తెలియదు. డోర్ మధ్యలో మడతలాంటి గట్టు ఉంటుంది కదా, అలాంటి అంచుల మీద పూత పలచగా ఉంటుంది. అక్కడ రుద్దుతుంటే నీళ్లు నీలంగా మారాయి. మురికి వదులుతోందని సంబరపడి ఇంకా రుద్దాను. వదులుతున్నది కారు రంగు! ఆరాక చూస్తే గీత గీతలాగే ఉంది, పక్కన అరచేయంత మచ్చ నా సొంత సంపాదన. వాడు చేసిన నష్టం కన్నా నేను చేసిందే ఎక్కువ.

దాంతో వెనక డోర్ పెయింట్ షాపుకే పోవాల్సి వచ్చింది. రెండు వారాల తర్వాత రమ్మన్నారు. ఈలోగా మిగతావి నేనే చేశాను, ఈసారి నెమ్మదిగా. ముందు డోర్ మీద గోరు జారుతోంది కాబట్టి పేపర్ జోలికి పోకుండా పైపొరను సన్నగా అరగదీసే రబ్బింగ్ కాంపౌండ్, ఆ తర్వాత సన్న పాలిష్, అంతే. ఎండలో కాదు, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు. ఆ గీత పూర్తిగా పోయింది.

రేకు తేలిన చోటుకు టచప్ రంగు వాడాను. డోర్ ఫ్రేమ్ మీద స్టిక్కర్‌లో రంగు కోడ్ ఉంటుంది, ఆ కోడ్‌తోనే కొనాలి. "నీలం" అని అడిగితే లాభం లేదు. చుట్టూ మాస్కింగ్ టేప్ వేసి, ఆల్కహాల్‌తో తుడిచి, ప్రైమర్, రంగు, క్లియర్ వరసగా వేశాను. సీసాతో వచ్చే బ్రష్ లావుగా ఉంటుంది, నేను టూత్‌పిక్ మొనతో గీత లోపల మాత్రమే నింపాను. ఒక్కసారే నింపేస్తే బొబ్బలా లేస్తుంది, పలచగా నాలుగైదు సార్లు వేసి ప్రతిసారీ ఆరనివ్వాలి. మెటాలిక్ రంగులో ఒక చిక్కుంది. అందులోని లోహపు రేణువులు స్ప్రేలో ఒకలా, చేత్తో అద్దితే ఇంకొకలా పడుకుంటాయి. అందుకే నేను అద్దిన చోటు ఒక కోణంలో కాస్త నల్లగా కనిపిస్తుంది. తుప్పు ఆగడమే కావాలి, అందం కాదు, వదిలేశాను.

మీరు బైక్ ట్యాంకు మీద గీతకు చెల్లి గోళ్ల రంగు పూయడం, అది పెచ్చులూడి ట్యాంకుకు పొక్కులు వచ్చినట్టు కనిపించడం ఆ రోజంతా గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఇంకోటి, మీకు అలవాటే కాబట్టి చెబుతున్నాను: టూత్‌పేస్టుతో రుద్దకండి. సన్న గీతలు కొంచెం మసకబారతాయి నిజమే, కానీ లోతు గీతను అది ఏమీ చెయ్యదు. నూనె కూడా అంతే. తడి ఉన్నంతసేపే మాయ.

పెయింట్ షాపులో ముసలాయన నా మచ్చ చూడగానే "1500 పేపరా?" అని అడిగాడు. ఒప్పుకున్నాను. ఏళ్ల తరబడి ఎండకు రంగు మారుతుంది కాబట్టి కోడ్ ఒక్కటే చాలదని, ముందు ఒక కార్డు మీద స్ప్రే చేసి ఎండలోనూ నీడలోనూ డోర్ పక్కన పెట్టి చూశాడు. రెండుసార్లు మార్చి కలిపాడు. రంగును డోర్ మధ్యలోనే వేసి అంచులకు వెళ్లేకొద్దీ పలచబరిచాడు, క్లియర్ మాత్రం డోర్ మొత్తానికీ వేశాడు. గీత డోర్ అంచు దగ్గర ఉండి ఉంటే పక్క భాగం మీదకీ రంగు కలపాల్సి వచ్చేదట. అక్కడ వాడే క్లియర్‌లో అది గట్టిపడటానికి కలిపే హార్డెనర్ ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. ఆయన బయటి నుంచి గొట్టంతో గాలి వచ్చే మాస్కు పెట్టుకుని చేశాడు. "ఇది ఇంట్లో చేద్దామనుకోవద్దు" అని నా వైపు చూసి మరీ చెప్పాడు. నా మొహం చూసి ఏమనుకున్నాడో.

ఒక నెల దాకా వ్యాక్స్ పెట్టొద్దన్నాడు. కొత్త పూతలోంచి ద్రావకాలు పూర్తిగా బయటికి పోవాలట. బంపర్ మీద తోకను అలాగే ఉంచేశాను. అది ప్లాస్టిక్, తుప్పు పట్టదు.

ఈ ఆదివారం కాల్ చేసినప్పుడు కారును ఎండలో పెట్టి చుట్టూ తిప్పి చూపిస్తాను. ఏ డోర్‌కి కొత్త రంగు వేశారో కనిపెట్టండి చూద్దాం. చక్రం పైన నల్ల చుక్క మాత్రం మీకు దొరికిపోతుంది, అది నా పని. అమ్మ కెమెరా ముందుకొచ్చేలోపు అటు తిప్పేస్తాను.

మీ
చిన్నోడు