మీ వాణ్ని నేను మందలించను

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందన్న మాట చదివి ప్రాణం కుదుటపడింది. మిగతా విషయాలు తర్వాత, ముందు మీ వాడి సంగతి మాట్లాడదాం.

చెయ్యి విరిగిన స్నేహితుడి ఇంటికి రోజూ సాయంత్రం వెళ్లి నోట్సు రాసిపెడుతున్నాడనీ, పరీక్షలు నెత్తిమీదికొచ్చినా పట్టించుకోవడం లేదనీ, నేను చెబితే వింటాడు కాబట్టి నాలుగు చీవాట్లు పెట్టమనీ రాశావు. పెట్టనురా. నీ ఆందోళన నాకు అర్థమవుతోంది. కానీ చదివిన పాఠాన్నే ఇంకొకడి కోసం మళ్లీ రాస్తున్నాడు, రాస్తూ వాడికి వివరించి చెబుతున్నాడు. వాడి చదువుకి దీనివల్ల వచ్చే నష్టం నాకైతే కనిపించడం లేదు. ఒకవేళ ఓ రెండు మార్కులు తగ్గినా ఈ విషయంలో నేను వాడి పక్షమే.

"ఈ బుద్ధి వీడికి ఎక్కడి నుంచి వచ్చిందో" అన్నావు చూడు, దాని గురించి కాస్త చెప్పాలి. 2006లో వార్నెకెన్, టొమసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు పద్దెనిమిది నెలల పసివాళ్లను గమనించారు. ఒకాయన బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడుస్తాడు, అందుకోబోతే అందదు. రెండు చేతుల నిండా పుస్తకాలతో వచ్చి బీరువా తలుపు తీయలేక ఆగిపోతాడు. సాయం చేయమని నోరు తెరిచి అడగడు, చేసినా మెచ్చుకోడు. అయినా ఆ పసివాళ్లలో చాలామంది తప్పటడుగులు వేసుకుంటూ వెళ్లి క్లిప్పు తీసి ఇచ్చారు, తలుపు తెరిచారు. సరిగ్గా మాటలు కూడా రాని వయసురా అది! రెండేళ్ల తర్వాత వాళ్లే ఇంకో సంగతి బయటపెట్టారు. సాయం చేసినప్పుడల్లా బొమ్మ బహుమతిగా అందుకున్న పిల్లలు, బహుమతులు ఆపేశాక, ఏ బహుమతీ అందుకోని పిల్లలంత సాయం చేయలేదట. అందుకే చెబుతున్నా, వాణ్ని తిట్టకు, అలాగని మెచ్చుకుని కొత్త ఫోనూ కొనివ్వకు. వాడి మానాన వాణ్ని చేసుకోనీ.

మరి పసితనంలో అంత సహజంగా ఉన్నది పెద్దయ్యేసరికి ఎందుకు సన్నగిల్లుతుందంటావా? ఒక కారణం తీరిక లేకపోవడం. 1973లో డార్లీ, బాట్సన్ చేసిన ప్రయోగం ఒకటుంది. మతబోధకులు కావడానికి చదువుకుంటున్న కుర్రాళ్లను, పక్క భవనంలోకి వెళ్లి ప్రసంగించమని పంపారు. కొందరికి ఇచ్చిన అంశం ఏమిటో తెలుసా? దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ని ఆదుకున్న మంచి సమరయుడి కథ! వాళ్లు నడిచే దారిలోనే ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి దగ్గుతూ మూలుగుతున్నాడు. తొందరేమీ లేదని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం ఆగారు. ఆలస్యమైపోయింది, పరుగెత్తమని పంపినవాళ్లలో ఆగింది 10 శాతమే. సాయం గురించిన కథ మనసులో ఉండటం వల్ల పెద్ద తేడా ఏమీ రాలేదు. తేడా వచ్చింది తొందర దగ్గరే.

ఇది చదివిన దగ్గర్నుంచి ఈ కాలం పిల్లలకి దయ లేదని ఎవరన్నా నేను ఒప్పుకోవడం మానేశాను. తెల్లారింది మొదలు పడుకునేదాకా వాళ్లను పరుగులు పెట్టిస్తున్నది మనమే కదా. అంత పరుగులోనూ మీ వాడు సాయంత్రాలు మిగుల్చుకుని ఇంకొకడికి ఇస్తున్నాడు.

ఈ మధ్య నేను చూసిన ఒకటి చెప్తాను. ఒక ఆఫీసులో నా వంతు కోసం కూర్చున్నాను. పక్క కుర్చీలో ఓ పెద్దాయన ఫోనులో ఏదో ఫారం నింపలేక అవస్థ పడుతున్నాడు. సగం నింపగానే మొదటికి వచ్చేస్తోంది. ఆయన మొహంలో విసుగు కంటే సిగ్గే ఎక్కువగా ఉంది. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి, కాలేజీ వయసుదే, దగ్గరికొచ్చి "నేను పక్కన కూర్చోనా అండీ?" అని అడిగింది. ఆ అడగడం చూడు! "ఇలా ఇవ్వండి, నేను చేసేస్తా" అని ఫోను లాక్కోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుని, ఎక్కడ నొక్కాలో మాటతోనే చెప్పింది. ఆయన తప్పు నొక్కితే "పర్లేదండీ, వెనక్కి రావచ్చు" అంది. పిన్ కొట్టాల్సి వచ్చినప్పుడు మొహం అటు తిప్పేసుకుంది. ఫోనుకి వచ్చే ఓటీపీ ఎవరు అడిగినా, చివరికి తను అడిగినా సరే చెప్పొద్దంది. పని పూర్తయ్యాక, "ఇంకోసారి మొదటి నుంచి చూసుకుంటారా?" అని అడిగి, ఆయన సరేననేసరికి మళ్లీ కూర్చుంది. తనే చేసిపెడితే చిటికెలో అయిపోయే పని. కానీ అప్పుడు ఆయన మళ్లీ ఎవరో ఒకరి కోసం ఎదురుచూడాల్సిందే. ఆ అమ్మాయి ఆయన పని అయ్యేలా చూడటమే కాదు, ఆయన పెద్దరికాన్ని కూడా కాపాడింది.

సాయం చేయడంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదేరా. చూపులేని మనిషి రోడ్డు దాటాలని నిలబడితే గబుక్కున చెయ్యి పట్టి లాగేవాళ్లే ఎక్కువ. అలా చేస్తే ఆ మనిషి తూలిపోతారు. ముందు అడగాలి, సరే అంటే మన మోచేతిని వాళ్లనే పట్టుకోనిచ్చి ఒక అడుగు ముందు నడవాలి. నత్తితో మాట్లాడేవాళ్ల విషయమూ అంతే. మాట ఆగినప్పుడు మనం అందించకూడదు, వాళ్ల మొహంలోకి మామూలుగా చూస్తూ పూర్తయ్యేదాకా ఆగాలి. ఇవి పిల్లలకి ఒక్కసారి చెబితే చాలు. మనకంటే బాగా చేస్తారు.

ధైర్యం కావాల్సిన సాయాలు వేరే. నలుగురూ కలిసి ఒకణ్ని ఏడిపిస్తుంటే అడ్డుపడటం పెద్దవాళ్లకే కష్టం. కెనడాలో బడి ఆవరణల్లో పిల్లలను వీడియో తీసి పరిశీలించి, 2001లో ఆ ఫలితాలు ప్రచురించారు. తోటి పిల్లలు ఎవరైనా కలగజేసుకుంటే, సగానికి పైగా సందర్భాల్లో ఆ ఏడిపించడం పది సెకన్లలోపే ఆగిపోయిందట. అడ్డుపడేవాళ్లు తక్కువే, కానీ పడితే ఫలితం ఉంటోంది. అదే దేశంలో, 2007లో, నోవా స్కోషియాలో ఒక బళ్లో గులాబీ రంగు చొక్కా వేసుకొచ్చాడని ఓ కుర్రాణ్ని ఏడిపించారు. పన్నెండో తరగతి చదువుతున్న ఇద్దరు విద్యార్థులు అదే రంగు చొక్కాలు యాభై కొనుక్కొచ్చి పంచారు. ఎవరితోనూ గొడవ పడలేదు, బడిలో ఎటు చూసినా ఆ రంగే కనిపించేలా చేశారు. ఇప్పటికీ అక్కడ ఏటా గులాబీ చొక్కాల రోజు జరుపుకుంటున్నారు.

సాయం చేయాలని ఉండి కూడా జంకి ఆగిపోయేవాళ్లు నాకు ఇంకా ఎక్కువ గుర్తొస్తారు. "నేను అడిగితే ఏమనుకుంటారో", "ఇంత చిన్నదానికి వెళ్లడమేంటి" అనుకుంటూ ఉండిపోతారు. 2022లో వచ్చిన కుమార్, ఎప్లీల పరిశోధనలో, చిన్న సాయం చేసినవాళ్లు తమ పని విలువను తక్కువగా అంచనా వేసుకుంటారనీ, అందుకున్నవాళ్లకి అది, చేసినవాళ్లు ఊహించిన దానికంటే ఎక్కువ సంతోషమిస్తుందనీ తేలింది. మా బంధువుల పిల్ల ఒకతె తండ్రి పోయాక కాలేజీకి వెళ్తే, ఏం మాట్లాడాలో తెలియక అందరూ తప్పుకుని తిరిగారట. ఒక్క స్నేహితురాలు మాత్రం రోజూ రాత్రి ఆ రోజు జరిగిన పాఠం పంపి, కింద "జవాబు ఇవ్వక్కర్లేదు" అని రాసేదట. ఆ మాట ఎంత ఊరటనిచ్చిందో ఆ పిల్ల ఇప్పటికీ చెబుతుంది.

ఒక్క విషయంలో మాత్రం మీ వాడితో నువ్వే కూర్చుని మాట్లాడు. స్నేహితులెవరైనా చచ్చిపోవాలనిపిస్తోందనో, ఇంట్లో కొడుతున్నారనో చెప్పుకుని, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంటే, ఆ ఒట్టు పట్టుకుని కూర్చోవద్దని చెప్పు. వాళ్లను ఒంటరిగా వదలకుండా, నమ్మకమైన పెద్దవాళ్లకి వెంటనే చెప్పాలి. ఆ బరువు పిల్లలు మోసేది కాదు. అలాంటిది వచ్చినప్పుడు నీ దగ్గరికే రావాలంటే, ఈ నోట్సుల విషయంలో ఇప్పుడు నువ్వు ఎలా మాట్లాడతావన్నది ముఖ్యం.

అన్నట్టు, ఆ చెయ్యి విరిగిన అబ్బాయి కట్టు పరీక్షలనాటికి విప్పకపోతే, బదులుగా రాసిపెట్టే మనిషిని అనుమతిస్తారేమో వాళ్ల కాలేజీలో ఇప్పుడే కనుక్కోమను. చాలాచోట్ల డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు, దరఖాస్తు ముందుగా పెట్టుకోవాలి. అదే తరగతి చదివేవాళ్లను సాధారణంగా ఒప్పుకోరు కాబట్టి మీ వాడికి కుదరకపోవచ్చు. కింది తరగతి పిల్లలెవరినైనా ఇప్పుడే మాట్లాడి పెట్టుకోమను. వాళ్లిద్దరూ ఒకరికొకరు అలవాటు పడటానికి కొన్నాళ్లు పడుతుంది. ఏమైందో రాయి.

నీ
నేస్తం