కెమెరా ముట్టనివ్వని సినిమాటోగ్రఫీ కోర్సుపై ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
ఫిల్మ్ అండ్ మీడియా స్కూల్,
హైదరాబాద్.

విషయం: రెండేళ్ల సినిమాటోగ్రఫీ కోర్సులో చెప్పిన శిక్షణ ఇవ్వకపోవడం, డిగ్రీ గుర్తింపు విషయంలో తప్పుదారి పట్టించడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

నేను మీ సంస్థలో సినిమాటోగ్రఫీ రెండో ఏడాది విద్యార్థినిని. ఫీజు మొత్తం కట్టేశాను. ఇంకో మూడు నెలల్లో కోర్సు అయిపోతుంది. ఇంతవరకు ఒక్క సీన్‌కైనా నేను సొంతంగా లైటింగ్ చేసుకుని, మొదటి షాట్ నుంచి చివరి షాట్ దాకా తీసింది లేదు. మా బ్యాచ్‌లో చాలామంది పరిస్థితి ఇదే. కోఆర్డినేటర్ మేడమ్‌కి నోటితో చెప్పాం, వాట్సాప్‌లో రాశాం, ఈమెయిల్ పెట్టాం. "మేనేజ్‌మెంట్ దృష్టికి తీసుకెళ్తాం" అనే జవాబు తప్ప ఇంకేమీ రాలేదు. అందుకే నేరుగా మీకు రాస్తున్నాను.

మొదట కెమెరా సంగతి. మీ బ్రోషర్‌లో పెద్ద సినిమాలకి వాడే ఆరీ అలెక్సా మినీ, రెడ్ కెమెరాలు, సినిమా ప్రైమ్ లెన్సుల సెట్, సొంత షూటింగ్ ఫ్లోర్ ఉన్నాయని ఫొటోలతో సహా వేశారు. బ్యాచ్‌కి 15 మంది మించరని రాశారు. అడ్మిషన్ల ముందు ఓపెన్ హౌస్ పెట్టిన రోజు అలెక్సా మినీ నిజంగానే ఫ్లోర్ మీద ఉంది. మా నాన్న దాని పక్కన నిలబడి ఫొటో కూడా దిగారు. అది ఆ ఒక్క రోజుకి అద్దెకు తెచ్చిన కెమెరా అని మాకు తర్వాత తెలిసింది. మేం 46 మందిమి చేరాం. మా చేతికి వచ్చినవి రెండు చిన్న మిర్రర్‌లెస్ కెమెరాలు, వాటితోపాటు వచ్చిన కిట్ లెన్సులు. వాటిలో ఒకటి ఎప్పుడూ మార్కెటింగ్ వాళ్ల దగ్గరే ఉంటుంది, రీల్స్ తీయడానికి.

చిన్న కెమెరాతో నేర్చుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. మంచి గురువు ఉంటే ఏ కెమెరా అయినా చాలు. ఆ మాట అనుభవంతో చెబుతున్నాను. మొదటి ఏడాది మాకు లైటింగ్ చెప్పిన సార్ ఒక 1కే (వెయ్యి వాట్ల) లైటు, ఒక థర్మాకోల్ షీటు, ఒక నల్లగుడ్డ, ఒక కుర్చీ పెట్టుకుని అద్భుతంగా చెప్పేవారు. కిటికీ పక్కన కూర్చున్న మనిషిని పొద్దున ఒక షాట్ తీసి, అదే సీన్‌లో ఎదుటి మనిషి క్లోజప్ సాయంత్రం తీయాల్సి వస్తే, ఈలోగా ఎండ కిటికీ దాటి పోతుంది. చూసేవాళ్లకి ఆ తేడా తెలియకూడదు. ముఖం మీద పడే వెలుగు ఎటు నుంచి వస్తోంది, ఎంత మెత్తగా ఉంది, నీడవైపు ఎంత చీకటి వదలాలి, ఇవన్నీ మనసులో పెట్టుకుని సాయంత్రం ఆ ఎండని లైటుతో మళ్లీ పుట్టించాలి. అది నోట్స్ రాసుకుంటే రాదు. ఒకసారి చేసి, తప్పు చేసి, మానిటర్‌లో ఆ తప్పు చూసుకుని, మళ్లీ చేస్తే వస్తుంది. చామనఛాయ ముఖానికి, తెల్లటి ముఖానికి ఒకే ఫ్రేమ్‌లో ఎక్స్‌పోజర్ ఎలా పెట్టాలో ఆయన మాలో ఇద్దర్ని కూర్చోబెట్టి చూపించారు. ఆ తరగతి నేనెప్పటికీ మర్చిపోను.

ఆయన రెండో సెమిస్టర్ మధ్యలో మానేశారు. నెలలుగా జీతం రాలేదని వెళ్లేటప్పుడు మాతో చెప్పారు. ఆయన స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. లైటింగ్ పీరియడ్‌లో ప్రొజెక్టర్ మీద యూట్యూబ్ వీడియోలు వేస్తున్నారు. ఆ వీడియోలు సిరిసిల్లలో మా ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూడగలను. వాటి కోసం హైదరాబాద్ వచ్చి హాస్టల్లో ఉండక్కర్లేదు. స్టీరింగ్ పట్టుకోనివ్వకుండా డ్రైవింగ్ నేర్పినట్టుంది ఈ కోర్సు.

తీసిన షాట్ల రంగులు సరిచేసుకునే కలర్ గ్రేడింగ్ సూట్ గురించి ఒక్క మాట. అందులో డావించీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ వేశారని కొందరు ఫిర్యాదు చేశారు. నా దృష్టిలో అది పెద్ద లోపం కాదు, నేర్చుకోవడానికి అది సరిపోతుంది. కానీ దానికి తగిలించింది మామూలు టీవీ. రంగులు ఎప్పుడూ క్యాలిబ్రేట్ చేయలేదు. అందులో చూసి సరిచేసిన ముఖం వేరే స్క్రీన్ మీద ఎర్రగా కనిపిస్తుంది. తప్పు మా కంటిదో టీవీదో తెలియకపోతే మేం ఏం నేర్చుకున్నట్టు?

ఇప్పుడు అన్నిటికంటే నన్ను బాధపెట్టిన విషయానికి వస్తాను. మీ కుటుంబ సంస్థ తీసిన వెబ్ సిరీస్‌కి రెండో ఏడాది విద్యార్థులందరినీ "ఇంటర్న్‌షిప్" పేరుతో పంపారు. అక్కడ మేం చేసింది కేబుళ్లు లాగడం, థర్మాకోల్ పట్టుకోవడం, భోజనాలు సర్దడం, జనరేటర్ దగ్గర కాపలా ఉండడం. ఏ పనీ చిన్నది కాదు, సినిమాలో అందరూ అక్కడి నుంచే మొదలుపెడతారని నాకు తెలుసు. అయితే ఆ పనికి బయట యూనిట్ వాళ్లకి రోజు కూలీ, బేటా ఇస్తారు. మాకు ఏమీ ఇవ్వలేదు. పైగా ఆ రోజులకి మేమే ఫీజు కట్టి ఉన్నాం. కెమెరా డిపార్ట్‌మెంట్‌లో ఫోకస్ చూసుకునే ఫోకస్ పుల్లర్ పక్కన నిలబడనివ్వమని అడిగితే, "కెమెరా అద్దెది, పిల్లలు దగ్గరికి రాకూడదు" అన్నారు. కెమెరాతో పాటు వచ్చిన అటెండెంట్ అన్న మాత్రం లంచ్ బ్రేక్‌లో మమ్మల్ని పిలిచి లెన్స్ ఎలా మార్చాలో, సెన్సార్ మీద దుమ్ము పడకుండా ఎలా చూసుకోవాలో చూపించారు. రెండేళ్లలో సినిమా కెమెరా మీద నాకు దొరికిన పాఠం అదే. అది ఆయన మంచితనం కొద్దీ దొరికింది, మీ కోర్సు వల్ల కాదు.

ఆ షూటింగ్ మొయినాబాద్ దగ్గర ఫామ్‌హౌస్‌లో రాత్రి పూట జరిగింది. ప్యాకప్ చెప్పేసరికి అర్ధరాత్రి దాటిపోయేది. యూనిట్ బస్సులో చోటు లేదని అమ్మాయిలని క్యాబ్ బుక్ చేసుకోమన్నారు. ఆ వేళలో అక్కడికి క్యాబ్ దొరకదు. తెల్లారేదాకా అక్కడే కూర్చున్న రాత్రులున్నాయి. నేను చేరిన కొద్దికాలానికే, 2024 ఆగస్టులో, మలయాళ పరిశ్రమలో ఆడవాళ్ల పరిస్థితి మీద జస్టిస్ హేమ కమిటీ నివేదిక బయటికి వచ్చింది. అది చూసి మా అమ్మ కోర్సు మానేసి వచ్చెయ్యమంది. "కాలేజీ ద్వారా వెళ్తాం అమ్మా, వాళ్లు చూసుకుంటారు" అని నేను నచ్చజెప్పాను. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం చెబుతోంది. మన కాలేజీలో ఆ కమిటీ సభ్యులు ఎవరో, ఎక్కడ ఫిర్యాదు చేయాలో నోటీసు బోర్డు మీద ఇంతవరకు కనిపించలేదు. ఇది నా ఒక్కదాని సమస్య కాదు, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

మూడోది డిగ్రీ సంగతి. కౌన్సెలింగ్‌లో మీ వాళ్లు "యూనివర్సిటీ టై-అప్ ఉంది, డిగ్రీ వస్తుంది" అన్నారు. విద్యారుణం కోసం మా నాన్న బ్యాంకుకి వెళ్తే, గుర్తింపు ఉన్నట్టు అఫిలియేషన్ లెటర్ తెమ్మన్నారు. మీరిచ్చింది వేరే రాష్ట్రంలోని ఒక ప్రైవేట్ యూనివర్సిటీతో చేసుకున్న రెండు పేజీల అవగాహన పత్రం. బ్యాంకు దాన్ని ఒప్పుకోలేదు. మా అమ్మ బంగారం, ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, వీటితోనే నా ఫీజు కట్టారు. ఏడాదికి 3,50,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 63,000, మొత్తం 4,13,000. రెండేళ్లకి 8,26,000 రూపాయలు.

ఆ జీఎస్టీ గురించి అప్పుడు మాకు తెలియదు. చట్టం గుర్తించిన అర్హత కోసం చదివే కోర్సు ఫీజు మీద జీఎస్టీ ఉండదు. గుర్తింపు లేని శిక్షణకే 18 శాతం పడుతుంది. అంటే మీ అకౌంట్స్ విభాగం ఈ కోర్సుకి గుర్తింపు లేదని మొదటి రోజు నుంచీ లెక్క వేసుకుంటోంది. అదే సమయంలో కింద రిసెప్షన్‌లో డిగ్రీ అని చెబుతున్నారు. 1956 యూజీసీ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు చట్టం ద్వారా ఏర్పడిన యూనివర్సిటీలకి, డీమ్డ్ యూనివర్సిటీలకి, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకి మాత్రమే ఉంది. నిజంగా డిగ్రీ ఇచ్చే కోర్సే అయితే మా దగ్గర జీఎస్టీ ఎందుకు తీసుకున్నారు? డిగ్రీ కాకపోతే బ్రోషర్‌లో ఎందుకు వేశారు? ఈ రెంటిలో ఏది నిజమో రాతపూర్వకంగా చెప్పండి.

మా టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ అడ్మిషన్ రోజు "వెరిఫికేషన్" కోసమని తీసుకున్నారు. ఇంకా మీ దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు అడిగితే కోర్సు అయ్యాక, "నో డ్యూస్" వచ్చాక ఇస్తామంటున్నారు. ఒరిజినల్స్ తమ దగ్గర పెట్టుకోకూడదని, పరిశీలించి వెంటనే ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. యూనివర్సిటీ కోర్సు అని మీరు చెబితే ఆ నియమం మీకూ వర్తిస్తుంది. కాదంటే, ఏ అధికారంతో మా సర్టిఫికెట్లు పెట్టుకున్నారో చెప్పాలి. ప్రభుత్వ ఫిల్మ్ స్కూళ్లయిన పుణె ఎఫ్‌టీఐఐకి, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐకి అప్లై చేయాలని మాలో కొందరు అనుకుంటున్నారు. అక్కడ ఒక్కో విభాగంలో ఉండేవే కొద్ది సీట్లు. సర్టిఫికెట్లు చేతిలో లేక ఆ అవకాశం కూడా పోతే దానికి ఎవరు జవాబు చెబుతారు?

ఇంకో విషయం. మా సీనియర్లు సొంత డబ్బుతో, స్నేహితుల ఇళ్లలో, అద్దె లైట్లతో తీసిన షార్ట్ ఫిల్మ్‌లని సంస్థ లోగోతో మీ ఛానెల్‌లో పెట్టారు. కొన్నిట్లో ఛాయాగ్రహణం చేసినవాళ్ల పేరే లేదు. 1957 కాపీరైట్ చట్టం దృష్టిలో సినిమాకి నిర్మాత అంటే దాన్ని తీయడానికి చొరవ, బాధ్యత తీసుకున్న వ్యక్తి. ఆ చొరవ, ఖర్చు, బాధ్యత అన్నీ విద్యార్థులవే. మాకు బయట పని అడగడానికి ఉండేది, మేం తీసిన షాట్లు చూపించే షో రీల్ ఒక్కటే. కృష్ణానగర్‌లో ఆఫీసు మెట్లు ఎక్కి అసిస్టెంట్‌గా చేర్చుకోమని అడిగేటప్పుడు సర్టిఫికెట్ ఎవరూ చూడరు, "ఏం తీశావు, చూపించు" అంటారు. అక్కడ పేరు లేకపోతే మేం ఏం చూపించాలి?

"100 శాతం ప్లేస్‌మెంట్" అనే మాట గురించి ఎక్కువ రాయను. సినిమాటోగ్రఫీలో క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఉండవని ఈ రంగంలో ఉన్న ఎవరైనా చెబుతారు. ఆ వాక్యం మీ హోర్డింగుల మీంచి వెంటనే తీసేయండి. వచ్చే ఏడాది చేరబోయే పిల్లల తల్లిదండ్రులు కూడా మా వాళ్లలాగే దాన్ని చూసి అప్పులు చేస్తారు.

నేను అడుగుతున్నవి ఇవి. మా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఈ వారంలో తిరిగి ఇవ్వండి. మిగిలిన మూడు నెలల్లో, బ్రోషర్‌లో చెప్పిన స్థాయి కెమెరా, లెన్సులు, లైట్లు అద్దెకైనా తెప్పించి ప్రతి సినిమాటోగ్రఫీ విద్యార్థికీ కోర్సు చివర తీసే డిప్లొమా ఫిల్మ్ ఒకటి తీసే అవకాశం ఇవ్వండి. అనుభవం ఉన్న కెమెరామన్‌ని మెంటార్‌గా పెట్టండి. మానేసిన సార్‌ని బకాయిలు తీర్చి మళ్లీ పిలవగలిగితే అంతకంటే మంచిది లేదు. ఇది కుదరకపోతే రెండో ఏడాది ఫీజు జీఎస్టీతో సహా తిరిగి ఇవ్వండి. వెబ్ సిరీస్‌కి పనిచేసిన వాళ్లకి బయట ఇచ్చే రేటు ప్రకారం డబ్బు చెల్లించండి. ఇకమీదట రాత్రి షూటింగులకి వాహనం లేకుండా ఏ అమ్మాయినీ పంపొద్దు. అంతర్గత కమిటీ వివరాలు అందరికీ కనిపించేలా పెట్టండి. షార్ట్ ఫిల్మ్‌లలో తీసినవాళ్ల పేర్లు చేర్చండి, లేదా ఛానెల్ నుంచి తీసేయండి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. రాకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. తప్పుదారి పట్టించే ప్రకటనల విషయం సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీకి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి తీసుకెళ్తాను. విద్యాసంస్థలకి వినియోగదారుల రక్షణ చట్టం వర్తించదని మీ లాయర్ వాదించవచ్చు. అప్పుడు మీ జీఎస్టీ రసీదుల మీద ఉన్నది విద్యాసంస్థా, కాదా అన్నది అక్కడే తేలుతుంది.

ఫీజు రసీదులు, బ్రోషర్, అవగాహన పత్రం, కోఆర్డినేటర్ మేడమ్‌తో జరిగిన ఈమెయిళ్ల కాపీలు దీనికి జతచేశాను. ఈ ఉత్తరం చదివి, తామూ ఒప్పుకుంటున్నట్టు సంతకాలు పెట్టిన మా బ్యాచ్ వాళ్ల జాబితా కూడా ఉంది. వాళ్లలో ఎవరికీ ఇంటర్నల్ మార్కుల్లో గానీ, హాజరులో గానీ ఇబ్బంది కలగకూడదని ప్రత్యేకంగా కోరుతున్నాను.

ఇట్లు,
సినిమాటోగ్రఫీ విద్యార్థిని, రెండో సంవత్సరం