రాత్రంతా చార్జింగ్‌లో పెట్టి పడుకోకు

చిరంజీవి వాసుకు,

ఇక్కడ అందరం బాగున్నాం. అక్క పిల్లలకు సెలవులు, ఇల్లంతా వాళ్ళ గోలే. నాన్నకు మోకాలు కాస్త నయం, మెట్లు ఎక్కొద్దంటే మాత్రం వినరు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. పనిలో ఉన్నావేమోలే అని ఊరికే నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అన్నట్టు, మొన్న శ్రీను వచ్చాడు. నీ కార్డ్‌లెస్ వాక్యూమ్ క్లీనర్ రెండు నిమిషాలకే ఆగిపోతోందనీ, చార్జింగ్‌లో పెడితే చెయ్యి ఆనించలేనంత వేడెక్కుతోందనీ, నువ్వేమో దాన్ని మంచం పక్కనే రాత్రంతా ప్లగ్గులో వదిలేస్తున్నావనీ చెప్పాడు. వాడు కాస్త పెంచి చెప్తాడని తెలుసు. అయినా అడుగుతున్నా, నిజమేనా?

ఆగిపోయిందంటే బ్యాటరీ పోయినట్టే అని అప్పుడే అనుకోకు. ముందు ఫిల్టర్ తీసి దులుపు. కడిగితే మాత్రం పూర్తిగా ఆరాకే పెట్టు. బ్రష్‌కి వెంట్రుకలు చుట్టుకుపోయినా మోటారు మీద బరువు పడి మిషను ఆగిపోతుంది. అది కూడా కాకపోతే అడాప్టర్ సంగతి చూడు. ఎన్ని వోల్టులు ఇవ్వాలో దాని మీదే రాసి ఉంటుంది. వోల్టులు కొలిచే మీటరును డీసీలో పెట్టి చూస్తే అసలేమీ రావడం లేదంటే తప్పు అక్కడే. బ్యాటరీ ఆనే రేకులు నల్లబడి ఉంటే ప్లగ్గు తీసేసి పొడిగుడ్డతో తుడువు.

ఇవన్నీ బాగానే ఉండి, చార్జింగ్ నిండిందని లైటు చూపించి, స్విచ్చి వెయ్యగానే నీరసపడిపోతోందంటే అప్పుడు బ్యాటరీయే. మిషను ఆపి మీటరు పెట్టి, వోల్టులు బాగానే ఉన్నాయని సంబరపడకు. పాతబడిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు మంచి అంకే చూపిస్తుంది. లోపల కరెంటును అడ్డుకునే నిరోధం పెరిగిపోయి ఉంటుంది కాబట్టి మోటారు కరెంటు లాగిన క్షణంలోనే వోల్టేజి పడిపోతుంది. చూడాల్సింది అప్పుడే.

బాబాయి చేసిన పని నీకు గుర్తుందో లేదో, అప్పటికి చిన్నవాడివి. ఆయన చేతి వాక్యూమ్‌లో నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు ఉండేవి. ఒక్కోటి 1.2 వోల్టులు, 12 వరసగా కలిపి 14.4. భోజనాల బల్ల మీద పేపరు పరిచి, ఆ సెల్లులన్నీ కలిపి ఉన్న ప్యాక్ విప్పాడు. ఒక్కో సెల్లుకూ మీటరు ముళ్ళు ఆనిస్తూ అంకెలు పేపరు అంచున రాసుకున్నాడు. అన్నీ 1.3 దగ్గర ఉంటే ఒక్కటి మాత్రం సున్నా. దాని కొస మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది, లోపలి ద్రవం కారి ఎండిపోయిందన్నమాట. దొంగ దొరికాడని ఆ ఒక్కటే కొత్తది తెచ్చాడు. సెల్లు మీదే నేరుగా టంకం పెట్టబోతే పైనున్న ప్లాస్టిక్ తొడుగు కరిగి ఇల్లంతా కంపు, పిన్ని కిటికీలన్నీ తెరిచింది. ఎలాగో అతికించాడు, కొన్నాళ్ళు నడిచింది, మళ్ళీ అదే వరస. కొత్త సెల్లులో ఇంకా చార్జ్ ఉండగానే పాతవాటిలో బలహీనమైనది ఖాళీ అయిపోతుంది. మిగతావి దానిలోంచే కరెంటును తోస్తూ ఉంటే దాని ప్లస్ మైనస్‌లు తిరగబడి చచ్చిపోతుంది. చివరికి ఒకే రకం కొత్త సెల్లులు, నికెల్ పట్టీలు ముందే అతికించి ఉన్నవి, మొత్తం సెట్టు వేశాకే బాగుపడింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే బాబాయిది నికెల్. నీది లిథియం అయ్యుంటుంది. లిథియం సెల్లు నిండితే 4.2 వోల్టులు, లోపలి ద్రవం అంటుకునే రకం. ప్యాక్ లోపల ఒక్కో సెల్లునూ కనిపెట్టుకుని ఉండే చిన్న బోర్డు కూడా ఉంటుంది. కాబట్టి విప్పొద్దు, గుచ్చొద్దు, టంకం జోలికి అసలే వద్దు. ప్యాక్ మొత్తం మార్చు. వోల్టులూ మోడల్ నంబరూ సరిగ్గా కలవాలి. మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే ఎంత చార్జ్ పడుతుందో చెప్పే అంకె, కాస్త ఎక్కువున్నా ఫర్వాలేదు, వాడకం సమయం పెరుగుతుంది అంతే. అయితే అతిశయోక్తులు నమ్మకు. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు ఉండే 18650 అనే రకం లిథియం సెల్లు మీద 9,900 అని ఉంటే అది అబద్ధం, పేరున్నవే 3,500 అటూఇటూ ఉంటాయి. పిన్ను పట్టింది కదా అని వేరే చార్జర్ పెట్టకు, నికెల్‌ది లిథియానికి పెడితే ప్రమాదం.

నీ నీలం చొక్కా ఇక్కడే వదిలేశావు, ఉతికి మడతపెట్టాను. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళావా? తలనొప్పి అన్నావుగా.

ఆ వేడి మాటే నా మనసులో తిరుగుతోంది నాన్నా. గోరువెచ్చగా అయితే మామూలే, చెయ్యి ఆనించలేకపోతే మామూలు కాదు. ప్యాక్ ఒళ్ళు ఉబ్బినా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా ఇక చార్జింగ్ వద్దే వద్దు. తీసి గుడ్డలకూ కాగితాలకూ దూరంగా బయట పెట్టు. చల్లారాక కొసలకు టేపు చుట్టి, పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చెయ్యి. చెత్తబుట్టలో వెయ్యకు, చెత్త బండిలో నలిగితే నిప్పంటుకుంటుంది.

కొత్తది వచ్చాక కూడా మెలకువగా ఉన్నప్పుడే, గట్టి నేల మీద పెట్టి చార్జ్ చెయ్యి, పరుపు మీద కాదు. వాడిన వెంటనే పెట్టకు, వేడి దిగనివ్వు. చాలా రోజులు వాడకపోతే సగం చార్జ్‌తో ఉంచు, నిండుగానూ ఖాళీగానూ వద్దు. నువ్వు నిద్రపోతే అలారం మోగినా లేవవు. నా టెన్షనల్లా అదే.

రేపు లేవగానే ప్యాక్ మీది లేబుల్ ఫొటో తీసి పంపు, వోల్టులూ మోడల్ నంబరూ స్పష్టంగా కనబడాలి. సరైనది ఏదో నేను చూసి చెప్తాను, డబ్బు నాన్న వేస్తారు. ఈలోపు గది చీపురుతో ఊడ్చుకో. ఫోన్ ఎత్తు.

అమ్మ