బటన్ సరే, గడియ సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

పాత కార్లకు తాళం చెవి లేకుండా బటన్ నొక్కి స్టార్ట్ చేసే ఏర్పాటు పెట్టుకోవడం గురించి రెండు నెలల కిందట మీ ఆదివారం సంచికలో ఒక వ్యాసం వచ్చింది. ‘రెండు గంటల పని, నాలుగు వైర్లు మారిస్తే చాలు’ అన్నారు అందులో. మా అబ్బాయి దాన్ని కత్తిరించి మెకానిక్ చేతిలో పెట్టాడు. ఆ రెండు గంటల పని మాకు పదకొండు రోజులు పట్టింది.

కారు మా నాన్నగారిది, 1974 మోడల్. తాళం స్టీరింగ్ కాలమ్‌కే, అంటే స్టీరింగు చక్రం కింది గొట్టానికే ఉంటుంది. ఏళ్ల తరబడి తిప్పి తిప్పి లాక్ బ్యారెల్, అంటే తాళం చెవి దూరి తిరిగే భాగం, అరిగిపోయింది. ఇంజను నడుస్తుండగానే తాళం చెవి ఊడి చేతిలోకి వచ్చేది. ఎలాగూ మార్చాల్సిందే కదా, బటన్ పెట్టిద్దాం అన్నాడు వాడు. మెకానిక్ బ్యారెల్ పీకేసి, ఆ రంధ్రంలోనే బటన్ కూర్చోబెట్టాడు. చూడ్డానికి బాగుంది. నొక్కగానే సెల్ఫ్ తిరిగి ఇంజను అందుకుంది. షెడ్డులోంచి బయటికి తీద్దామని రివర్స్ గేరు వేసి, స్టీరింగు పావు చుట్టు తిప్పానో లేదో, లోపల టక్కుమంది. ఇక అది ఇటూ తిరగదు, అటూ తిరగదు. గోడకు జానెడు దూరంలో బ్రేకు పడింది. రోడ్డు మీద మలుపులో ఆ టక్కు వినిపించి ఉంటే ఈ ఉత్తరం రాయడానికి నేను ఉండేవాణ్ని కాదేమో.

జరిగింది చాలా చిన్న విషయం. కాలమ్ మీది తాళం చేసే పనులు రెండు. ఒకటి కరెంటు ఇవ్వడం. రెండోది తలుపు గడియ లాంటిది, తాళం తీశాక స్టీరింగు తిరగకుండా బిగించడం. తాళం గూడు లోపల స్ప్రింగు మీద ఒక ఇనుప పిన్ను ఉంటుంది. స్టీరింగ్ షాఫ్టుకు గాడి ఉంటుంది. బ్యారెల్ తిరిగినప్పుడు దాని చివరనున్న కామ్ (ఒక పక్కకు పొడుచుకొచ్చిన ముక్క) ఆ పిన్నును వెనక్కి లాగి పట్టుకుంటుంది. బ్యారెల్‌ను పీకేస్తే పట్టుకునేది ఏదీ లేదు. స్ప్రింగు నెడుతూనే ఉంటుంది, గాడి ఎదురుగా రాగానే పిన్ను అందులో పడుతుంది. బటన్‌తో వచ్చే మాడ్యూల్‌కు, అంటే ఆ కంట్రోలు పెట్టెకు, కరెంటు సంగతే తెలుసు, గడియ సంగతి తెలియదు. కొత్త కార్లలో స్టీరింగు లాక్ ఉంటే దాన్ని మోటారు నడుపుతుంది, కారు కదులుతుండగా పడకుండా కంప్యూటర్ కాపలా కాస్తుంది. మనం బిగించుకునే పెట్టెలో అవేమీ ఉండవు.

ఇంకా పాత కార్లవాళ్లకు ఈ బెడద లేదు. అప్పట్లో తాళం డ్యాష్‌బోర్డు మీద, సెల్ఫ్ కొట్టడానికి పక్కనే వేరే బటన్ ఉండేవి. కాబట్టి బటన్ కొత్త ముచ్చటేమీ కాదు. తాళం తిప్పితేనే ఇంజను స్టార్టయ్యే ఏర్పాటును క్రైస్లర్ 1949లో తెచ్చింది. జనరల్ మోటార్స్ 1969 మోడళ్లలో తాళాన్ని కాలమ్ మీదికి మార్చింది. తాళం తీస్తే స్టీరింగైనా బిగుసుకోవాలి, కారు ముందుకు కదలడమైనా ఆగాలి అన్న అమెరికా నిబంధన 1970 జనవరి నుంచి అమలైంది. మీ వ్యాసం డ్యాష్‌బోర్డు తాళాల వాళ్లకు సరిపోతుంది. తరవాతి కార్లవాళ్లకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

మెకానిక్ ఒక ఉపాయం చెప్పాడు. పాత బ్యారెల్ మళ్లీ పెట్టేసి, తాళం చెవి తల కోసేసి, మిగిలిన ముక్కను ఆన్‌లో ఉంచి పైన మూత వేసేద్దామన్నాడు. చాలామంది ఇదే చేస్తారట. తాళం చెవినే నిలుపుకోలేని బ్యారెల్ ఆ ముక్కను ఎన్నాళ్లు పట్టి ఉంచుతుంది? ఒప్పుకోలేదు.

చివరికి గూడు మొత్తం విప్పి, గడియనే తీసేయాలని తేల్చుకున్నాం. గూడును పట్టుకునే బోల్టులు మామూలువి కావు. ఫ్యాక్టరీలో బిగించేటప్పుడే తల తెగిపోయేలా చేస్తారు, దొంగ విప్పలేకుండా. మా వాడు ఉలీ సుత్తీ అందుకున్నాడు. రెండో దెబ్బకే చెయ్యి పట్టుకున్నాను. కారు ఢీకొన్నప్పుడు డ్రైవరు ఛాతీలో గుచ్చుకోకుండా కుదించుకుపోయే కాలమ్ అది, లోపల ప్లాస్టిక్ పిన్నులతో నిలబడి ఉంటుంది. సుత్తి దెబ్బలకు అవి విరిగితే పైకి ఏమీ కనబడదు. ఆ బోల్టులకు మధ్యలో సన్నగా బెజ్జం వేసి, ఎదురు చుట్టు తిప్పి తీయడానికే నాలుగు రోజులు పట్టింది. పిన్నూ స్ప్రింగూ ఒక డబ్బాలో వేసి, కారు నంబరు రాసి దాచాను, మనసు మారితే మళ్లీ పెట్టుకోవచ్చని. ముందు చక్రాలు జాకీ మీద లేపి, స్టీరింగును ఆ కొస నుంచి ఈ కొసకు ఇరవైసార్లు తిప్పి చూశాకే గూడు మళ్లీ బిగించనిచ్చాను. దొంగకు ఒక అడ్డు పోయింది కాబట్టి ఇంజనులో నిప్పురవ్వకు కరెంటు ఇచ్చే కాయిల్‌కు వెళ్లే వైరులో, కనబడకుండా దాచిన స్విచ్ ఒకటి పెట్టించాను, ఇన్సూరెన్సు వాళ్లకు కాగితం రాసిచ్చాను.

గేరు సంగతి కూడా వ్యాసంలో లేదు. మాది చేతి గేర్ల కారు. బ్రేకు నొక్కితే చాలు, బటన్ పనిచేస్తుంది. గేరులో ఉందని మరిచి నొక్కితే సెల్ఫ్ మోటారే కారును ముందుకు తోసేసింది. క్లచ్ కింద స్విచ్ పెట్టించాక ఆ భయం పోయింది.

ఇంకో మాట. కాయిల్‌కు కరెంటును కలుపుతూ తెంపుతూ ఉండే పాయింట్లున్న పాత కార్లలో ఇంజను ఆగి ఉండగా ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేస్తే, పాయింట్లు మూసుకుని ఉన్న చోట ఆగి ఉంటే, కాయిల్‌లో కరెంటు పారుతూనే ఉంటుంది. తాళం చెవి ఉంటే ఎటు తిరిగి ఉందో చూడగానే తెలిసేది. బటన్‌కు ఒక చిన్న దీపమే. అబ్బాయి రేడియో కోసమని రెండుసార్లు నొక్కి, ఫోను వచ్చిందని లోపలికి పోయాడు. నేను చూసేసరికి కాయిల్ ముట్టుకోలేనంత కాలుతోంది. పాపం, బతికింది.

మీ వ్యాసానికి చిన్న సవరణ వేయండి: బ్యారెల్ పీకే ముందు గడియ సంగతి తేల్చుకోవాలని, వీలైతే తాళం గూడు వెనక వైపు బొమ్మతో. మీ పాత కత్తిరింపు మా మెకానిక్ టూల్‌బాక్సు మూత లోపల అంటించి ఉంది. సవరణ వస్తే దాని పక్కనే అంటిస్తానన్నాడు, చోటు కూడా వదిలాడు.

ఇట్లు,
మీ పాఠకుడు